డీవీడీ ప్లేయర్‌కి ఎక్స్‌టెండెడ్ వారంటీ దండగ, ఆ డబ్బులు లెన్స్‌కి దాచుకోండి

ముందే చెప్పేస్తున్నా, డీవీడీ ప్లేయర్ కొనేటప్పుడు ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకోకండి. మా ఇంట్లో రెండు ప్లేయర్లు నడుస్తున్నాయి, 2007లో కొన్నది వారంటీ మీద వారంటీ కట్టిన పెద్ద కంపెనీది, 2010లో తెచ్చిన రెండోది డబ్బా మీద పేరు కూడా సరిగ్గా లేని చైనా సరుకు. రెండింటికీ రిపేర్లు అయ్యాయి, దేనికి ఎప్పుడు ఏం పోయింది, ఎంత అయింది అన్నది ఇంట్లో దాచిన చీటీలు చూసుకుని మరీ రాస్తున్నా. ఈ రోజుల్లో డీవీడీ ఎవరు చూస్తారండీ అంటారేమో, పెళ్లి క్యాసెట్ డీవీడీ మీద ఉన్న ఇళ్లన్నీ ఏదో ఒక పండగకి చూస్తాయి. మా అమ్మకైతే లలితా సహస్రనామం ఫోన్‌లో పెట్టిస్తే మధ్యలో యాడ్ వచ్చిందని చిరాకు పడి మళ్లీ ప్లేయరే ఆన్ చేయమంటుంది.

మొదటిది 2007 దసరాకి ఖమ్మంలో కొన్నాం. అప్పుడే డిస్కులు తయారుచేసే మోజర్ బేర్ కంపెనీ వాళ్లు సినిమా వీసీడీ 28 రూపాయలకి, డీవీడీ 34 రూపాయలకి దింపారు, అద్దెకి తెచ్చి రేపు తిరిగి ఇవ్వాలనే టెన్షన్ కంటే కొనుక్కోవడమే నయం అనిపించి మా వీధిలో ఇంటింటికీ ప్లేయర్ వచ్చేసింది. మాది 2,990 రూపాయలు, ఏడాది కంపెనీ వారంటీ. బిల్లు రాసే దగ్గర సేల్స్ కుర్రాడు "సార్, ఇంకో 349 కట్టండి, పైన రెండేళ్లు ఏం పోయినా మేమే చూసుకుంటాం" అన్నాడు, నాన్న కట్టారు. వస్తువు ధరలో దాదాపు పన్నెండు శాతం అది. "ఏం పోయినా" అన్నది నోటి మాట, కార్డు వెనక చీమ తలకాయంత అక్షరాల్లో రాసింది వేరే. వోల్టేజ్ హెచ్చుతగ్గుల వల్ల పోతే వర్తించదు, పిడుగు పడితే వర్తించదు, తేమ, దుమ్ము, బొద్దింకలు, బల్లులు, రిమోట్, వైర్లు, "సహజ అరుగుదల"కి లోనయ్యే భాగాలు, ఇవేవీ వర్తించవు. మన ఊళ్లలో ప్లేయర్లు పాడయ్యేది ఎక్కువగా వీటివల్లే, ఇవన్నీ తీసేస్తే మిగిలేది ఏంటో నాకైతే ఇప్పటికీ అర్థం కాదు.

2010 ఎండాకాలంలో దానికి మొదటి జబ్బు వచ్చింది. పాటల సీడీ ఆడుతుంది, వీసీడీ ఆడుతుంది, డీవీడీ పెడితే మాత్రం కాసేపు గరగరమని తిరిగి "నో డిస్క్" అంటుంది. ఇది గుర్తుపెట్టుకోవాల్సిన లక్షణం. సీడీ, వీసీడీలు చదవడానికి 780 నానోమీటర్ల లేజర్, డీవీడీ చదవడానికి 650 నానోమీటర్ల ఎర్ర లేజర్, రెండూ ఒకే లెన్స్ యూనిట్‌లో ఉంటాయి. ఒకటి పనిచేస్తూ ఇంకోటి మొరాయిస్తే బోర్డు, మోటార్లు దాదాపు బాగానే ఉన్నట్టు, డీవీడీ లేజర్ నీరసించినట్టు. అన్నీ ఆగిపోతే అప్పుడు లెన్స్ మీద దుమ్ము, రిబ్బన్ కేబుల్, డిస్కు తిప్పే మోటారు, ఇలా వరసగా చూసుకోవాలి.

వారంటీ ఇంకా ఉంది కదా అని ఫోన్ చేశాం. బిల్లు ఉందా, కార్డు మీద షాపు స్టాంపు ఉందా అని అడిగి, మీ దగ్గరికి మనిషి రాడు, మీరే సర్వీస్ సెంటర్‌కి పట్టుకెళ్లాలి అన్నారు. పట్టుకెళ్లాం. చాలా రోజులు పెట్టుకుని, చివరికి లేజర్ పికప్, అంటే ఆ లెన్స్ యూనిట్, అరిగే భాగం కిందికి వస్తుంది, వారంటీలో రాదు, మార్చాలంటే 1,150 అవుతుంది, వద్దంటే చెక్ చేసినందుకు 150 కట్టి తీసుకెళ్లండి అన్నారు. డీవీడీ ప్లేయర్‌లో మామూలుగా పోయేదే లెన్స్. దాన్ని వదిలేసి మిగతా డబ్బాకి వారంటీ అమ్మడం ఏ లెక్కో! 150 కట్టి తెచ్చేసుకుని మా బజార్లో టీవీలు బాగుచేసే అన్న దగ్గర పెట్టాం. లెన్స్ 280, చేతిపని 120, మొత్తం 400, సాయంత్రానికి సినిమా చూశాం. ఒకవేళ సర్వీస్ సెంటర్ వాళ్లు మర్యాదగా ఒప్పుకుని ఉచితంగా మార్చి ఉన్నా మాకు మిగిలేది 349 పోగా 51 రూపాయలు. అందులోంచి ఆటో చార్జీలు కూడా తీసేయండి.

లెన్స్ గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే మోసాలు ఎక్కువ జరిగేది ఇక్కడే. పేరు ఏదైనా లోపల ఉండే లెన్స్ యూనిట్లు కొన్ని రకాలే, సోనీ 313, సాన్యో హెచ్‌డీ 62, ఇలాంటివి. చైనా ప్లేయర్లలో కూడా ఇవే లేదా వీటి నకళ్లు. హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్లి పాత లెన్స్ చూపిస్తే అదే రకం తీసిస్తారు, నంబర్ చూసుకుని తెచ్చుకుంటే చాలు. కొందరు మెకానిక్‌లు లెన్స్ మార్చకుండా, యూనిట్ పక్కనున్న ప్రీసెట్‌ని, అంటే కరెంటు పెంచే తగ్గించే బుల్లి మరని, స్క్రూడ్రైవర్‌తో కొద్దిగా తిప్పి లేజర్‌కి కరెంటు పెంచేసి "బాగైంది" అని లెన్స్ డబ్బులు తీసుకుంటారు. నిజంగానే ఆడుతుంది, కొన్నాళ్లు. తర్వాత ఆ లేజర్ పూర్తిగా చస్తుంది. అందుకే పాత లెన్స్ చేతికి ఇవ్వమని అడగండి. ఇంకోటి, 313 లెన్స్ కొత్తది వచ్చేటప్పుడు స్టాటిక్ కరెంటుకి లేజర్ దెబ్బతినకుండా చిన్న సోల్డర్ చుక్క వేసి షార్ట్ చేసి పంపిస్తారు, రిబ్బన్ పెట్టేశాక ఆ చుక్క తీసేయాలి. తీయడం మర్చిపోతే కొత్త లెన్స్ కూడా "నో డిస్క్" అనే అంటుంది, అప్పుడు బోర్డు పోయిందని ఇంకో బిల్లు వేస్తారు. మా పక్కింటి వాళ్లకి అచ్చం ఇలాగే జరిగింది, రెండో మెకానిక్ దగ్గర బయటపడింది.

మొదటి ప్లేయర్ సర్వీస్ సెంటర్‌లో పడి ఉండగానే హైదరాబాద్ వెళ్లిన పనిలో కోఠిలో 1,300 పెట్టి చైనాది తెచ్చాను. వారంటీ అంటే షాపతని మాటే, "ఆరు నెలల్లోపు పోతే తెండి అన్నా, మార్చి ఇస్తా" అన్నాడు, చిన్న చీటీ మీద తేదీ వేసి ఇచ్చాడు. ఆరు నెలల్లో ఏం పోలేదు. మరుసటి ఏడు వానాకాలంలో ఉరుముల రాత్రి కరెంటు వచ్చీ పోయీ దాని ఎస్ఎంపీఎస్ బోర్డు, అంటే లోపలికి కరెంటు ఇచ్చే పవర్ సప్లై, కాలింది, 200. తర్వాత ట్రే బయటికి రావడం మానేసింది, వేలితో లాగితే వచ్చేది. లోపల ఒక చిన్న రబ్బరు బెల్టు ఉంటుంది, మన ఎండలకి పాత పైజామా ఎలాస్టిక్‌లా సాగిపోతుంది, బెల్టు ఖరీదు పది రూపాయలైతే విప్పి బిగించినందుకు నలభై తీసుకున్నారు. 2015లో మెయిన్ బోర్డే పోయింది. ఈ ప్లేయర్లలో ఎక్కువగా మీడియాటెక్ 1389 చిప్ ఉంటుంది, అది పోతే చిప్ మార్చడం కంటే మొత్తం బోర్డు మార్చడమే చవక. 450కి ఇంకో చైనా బోర్డు వేశారు, దాంతో రిమోట్ కూడా మారింది, మెనూ రంగు మారింది, మా వాళ్లు అది వేరే ప్లేయర్ అనే అనుకుంటారు. మొత్తం ఖర్చు 700.

కంపెనీ ప్లేయర్‌కి 2010 లెన్స్ తర్వాత ఒకసారి బెల్టు, 2014లో పవర్ సప్లైలో ఉబ్బిన కెపాసిటర్లు 150, 2018లో మళ్లీ లెన్స్, అప్పటికి అది 450 అయింది. కెపాసిటర్ల జబ్బు కూడా ఎవరైనా పట్టుకోవచ్చు, స్విచ్ వేస్తే ఎర్ర లైటు వెలుగుతుంది, డిస్‌ప్లే మిణుకుమిణుకుమని మళ్లీ ఆరిపోతుంది. మూత తీస్తే డబ్బాల్లాంటి కెపాసిటర్ల నెత్తి ఉబ్బి కనిపిస్తుంది. ప్లేయర్‌ని సెట్‌టాప్ బాక్స్ మీద పెట్టడం దీనికి తోడవుతుంది, కింద వేడి, పైన గుడ్డ కప్పడం. మా అత్తయ్య వాళ్లింట్లో అల్లిక గుడ్డ కప్పి దానిమీద బొమ్మ కూడా పెట్టేవారు, అది ఎన్నాళ్లు బతుకుతుంది పాపం. చెక్ చేసినందుకు కట్టిన 150 కాకుండా, రిపేర్లన్నీ కలిపితే కంపెనీ ప్లేయర్‌కి 1,050. అందులో వారంటీ నడుస్తున్న కాలంలో వచ్చినది ఒక్కటే, దాన్ని కూడా ఒప్పుకోలేదు.

ఇది మా దురదృష్టం మాత్రమే అనుకోవద్దు. ఎలక్ట్రానిక్ వస్తువు తయారీలో లోపం ఉంటే మొదటి నెలల్లోనే బయటపడుతుంది, అది కంపెనీ వారంటీలోనే పోతుంది, డబ్బు కట్టక్కర్లేదు. ఆ గండం దాటితే మళ్లీ పోయేది బెల్టు సాగాక, లేజర్ అరిగాక, కెపాసిటర్ ఎండాక, అంటే బాగా వాడాక. మధ్య ఏళ్లలో పోయేవి తక్కువ. షాపులో మనకి అమ్మేది ఆ మధ్య ఏళ్లనే.

మా బావ న్యూజెర్సీలో ఉంటాడు, ఆయన లెక్క ఇంకో రకం. అక్కడ మామూలు ప్లేయర్ ముప్పై నలభై డాలర్లకి వస్తుంది, రిపేరు షాపులో మూత విప్పి చూడటానికే అంతకంటే ఎక్కువ అడుగుతారు, కాబట్టి పోతే పారేయడమే. అక్కడి కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక ఇలాంటి వారంటీలు మామూలుగా అక్కర్లేదని ఏళ్ల తరబడి చెబుతూనే ఉంది. అక్కడ కొత్తది చవక, ఇక్కడ రిపేరు చవక, రెండు చోట్లా వారంటీ కట్టినవాడికే నష్టం. అన్నట్టు బావ పంపిన పిల్లల సినిమాల డిస్కులు కంపెనీ ప్లేయర్‌లో ఆడలేదు, డీవీడీలకి ప్రాంతాన్ని బట్టి రీజియన్ నంబర్ ఉంటుంది, అమెరికాది 1, మనది 5. చైనాది ఏ గొడవా లేకుండా అన్నీ ఆడించింది, ఆ ఒక్క విషయంలో దానికి నూటికి నూరు మార్కులు.

అన్నిటికీ ఇదే మాట అనను. పెద్ద ఎల్ఈడీ టీవీ అయితే ప్యానెల్, అంటే తెర, పోతే టీవీ ధరలో సగం దాటి అడిగే సందర్భాలు ఉన్నాయి, అక్కడ ఆలోచించొచ్చు. అప్పుడు కూడా ఆ వారంటీ టీవీ కంపెనీ ఇస్తోందా, మధ్యలో ఇంకెవరైనా ఇస్తున్నారా, ప్యానెల్ అన్న మాట కాగితం మీద ఉందా, బాగుచేయలేకపోతే పూర్తి డబ్బు ఇస్తారా లేక ఏడాదికింత తరుగు తీసి ఆ షాపులోనే కొనుక్కోమని కూపన్ ఇస్తారా, ఇవి అడగండి. వారంటీ ధర మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది, కలిపి చెబుతున్నారో లేదో చూసుకోండి. కాగితం మీద ఉన్నది కూడా చేయకపోతే 1915కి ఫోన్ చేయొచ్చు, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం వచ్చాక మనం ఉండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు, వస్తువు విలువ ఐదు లక్షల వరకు ఫీజు లేదు, సమస్య మొదలైన రెండేళ్లలోపు వేయాలి. 400 రూపాయల లెన్స్ కోసం మేం అంత దూరం పోలేదు, అది వేరే సంగతి.

వాడకం సంగతికి వస్తే, లెన్స్‌ని తొందరగా తినేవి గీతలు పడ్డ డిస్కులు, ఇంట్లో రాసుకున్న డిస్కులు. కంపెనీలో అచ్చేసిన డిస్కు కంటే రాసిన డిస్కు కాంతిని తక్కువ తిప్పి పంపుతుంది, కాస్త బలహీనపడ్డ లేజర్ మొదట తడబడేది వాటి దగ్గరే. పెళ్లి డీవీడీలు అన్నీ స్టూడియోలో రాసినవే. ఆ డిస్కు మీద ఉండే రంగు పూత కాలం గడిచేకొద్దీ పాడవుతుంది, ప్లేయర్ బాగున్నా పెళ్లి కనపడదు, కాబట్టి ఈ ఆదివారమే వాటిని హార్డ్ డిస్కులోకి, ఇంకో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించేయండి. డిస్కు మీద కాగితం స్టిక్కర్లు అంటించొద్దు, తిరిగేటప్పుడు బరువు ఒకవైపు లాగి మోటారుకి చేటు. బ్రష్షులున్న లెన్స్ క్లీనర్ డిస్కు నేను వాడను, మూత తీసి ఇయర్ బడ్‌కి కాస్త ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది మెల్లిగా తుడుస్తా, అది కూడా ప్లగ్గు పీకేసి. సెంటు, థిన్నర్ లాంటివి పెట్టారో ప్లాస్టిక్ లెన్స్ మసకబారుతుంది.

ఇప్పుడు కొత్తవి దొరకడం తగ్గింది కాబట్టి చాలామంది పాతవే కొంటున్నారు. 500కి వస్తే తీసుకోవచ్చు, లెన్స్‌కి ఇంకో 500 అనుకుని. కొనేముందు మీ దగ్గరున్న డ్యూయల్ లేయర్ డిస్కు ఒకటి పట్టుకెళ్లండి, 8.5 జీబీది, పెద్ద సినిమాలు ఎక్కువగా దాని మీదే వస్తాయి. రెండు పొరల డిస్కు కాంతిని ఒక పొర డిస్కు కంటే తక్కువగా తిప్పి పంపుతుంది, సినిమా సగంలో లేజర్ ఒక పొర నుంచి ఇంకో పొరకి మారాలి, నీరసించిన లెన్స్ ఎక్కువగా అక్కడే ఆగిపోతుంది. అమ్మేవాళ్లు మొదటి పాట చూపించి సరిపెడతారు. ఇంటర్వెల్ దగ్గరికి తీసుకెళ్లి అక్కడి నుంచి ఓ పది నిమిషాలు ఆడించమనండి, ఒప్పుకోకపోతే ఆ ప్లేయర్ అక్కడే వదిలేసి రండి.