వెడల్పు పాదాలకు చెప్పులు వెతుక్కుంటూ: వేలూరు, ఆంబూరు, చెన్నై

నాన్నగారిది భారీ విగ్రహం. ఆ ఎత్తు, ఆ ఒడ్డు, ఆ పాదాలు నాకూ మా తమ్ముడికీ వచ్చాయి. నేను 5 అడుగుల 8 అంగుళాలు, 96 కిలోలు. తమ్ముడు ఆరడుగుల మీద ఒక అంగుళం, 118 కిలోలు. ముప్పై నాలుగేళ్ళు బడిలో నిలబడి పాఠాలు చెప్పాను. అన్నేళ్ళలో నా కాలికి సరిగ్గా పట్టిన ఆడవారి చెప్పుల జత ఒక్కటి కూడా దొరకలేదు. కడపలో ఏ దుకాణానికి వెళ్ళినా, "మీ సైజు ఆడవారిలో రాదమ్మా" అని మగవారి అరల వైపు చూపించేవారు. అక్కడ ఒక నంబరు పెద్దది తీసుకునేదాన్ని. వేళ్ళ ముందు ఖాళీ, పక్కలు బిగుతు. చిటికెన వేళ్ళ పక్కన ఆనెకాయలు అలా వచ్చినవే.

పదేళ్ళ క్రితం షుగరు వచ్చింది. ఈ వేసవిలో ఒక పెళ్ళికి వేసుకున్న కొత్త చెప్పు కరిచి, ఆ పుండు మానడానికి ఐదు వారాలు పట్టింది. "ఈ కాళ్ళను ఇక చెప్పు కరవకూడదమ్మా" అని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. పైగా జనవరిలో మా అమ్మాయి పురిటికి టొరంటో వెళ్ళాలి, మంచులో నడవడానికి బూట్లు కావాలి. తమ్ముడు భవన నిర్మాణాల దగ్గర సూపర్‌వైజరు. అతనికి ముందు భాగంలో ఉక్కు తొడుగు ఉన్న సేఫ్టీ బూట్లు 12వ నంబరులో కావాలి. ఆన్‌లైన్‌లో మూడుసార్లు తెప్పించి మూడుసార్లూ తిప్పి పంపాం. "అక్కా, ఇలా కాదు, అవి తయారయ్యే చోటికే పోదాం" అన్నాడు తమ్ముడు. నాలుగు రోజులు, ఇద్దరి కాళ్ళకూ కలిపి పది వేల రూపాయలు అనుకుని బయలుదేరాం.

కడప నుంచి తిరుపతి, అక్కడి నుంచి చిత్తూరు మీదుగా వేలూరు. తిరుపతి నుంచి వంద కిలోమీటర్ల పైచిలుకు, మూడు గంటల ప్రయాణం. ఒడ్డూ పొడుగూ ఉన్నవారు ఒక పక్క మూడు, ఒక పక్క రెండు సీట్లుండే బస్సు ఎక్కవద్దు. రెండేసి సీట్ల బస్సు కోసం అరగంట ఆగినా నష్టం లేదు. మేము తొందరపడి ముందు వచ్చిన బస్సే ఎక్కాం. చిత్తూరు దాకా తమ్ముడు ఒక కాలు దారిలో చాపుకునే కూర్చున్నాడు, ఎవరు దిగినా లేచి నిలబడ్డాడు.

వేలూరులో సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ఆసుపత్రి చుట్టూ లాడ్జీలకు కొదవ లేదు. రోగుల వెంట వచ్చేవారి కోసం వెలిసినవి కాబట్టి గదులు చిన్నవి, అద్దె తక్కువ. తెలుగు తెలిసినవారు ఎక్కడో ఒకచోట ఎదురవుతూనే ఉంటారు. మొదట చూసిన గది 600 రూపాయలు. మంచం మీద తమ్ముడు కూర్చోగానే కింద చెక్క పలక వంగింది. దాన్ని వదిలేసి, మరో సందులో 900 రూపాయలకు ఇనుప మంచాలు, లిఫ్టు, కుర్చీలా కూర్చునే మరుగుదొడ్డి ఉన్న గది తీసుకున్నాం. డబ్బు కట్టేముందు గది చూడండి. మంచం మీద కూర్చోండి, స్నానాల గది తలుపు పూర్తిగా తెరుచుకుంటుందో లేదో చూడండి. మావంటి శరీరాలకు ఆ మూడు వందల తేడా రాత్రి నిద్రలో తిరిగి వచ్చేస్తుంది.

చెప్పుల కోసం వేలూరే ఎందుకంటే దానికొక చరిత్ర ఉంది. 1946లో సీఎంసీకి వచ్చిన శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్ కుష్ఠు వ్యాధిగ్రస్తుల చేతులకు, కాళ్ళకు ఆపరేషన్లు చేశారు. స్పర్శ పోయిన పాదానికి నొప్పి తెలియదు. ఒకేచోట పదేపదే ఒత్తిడి పడుతున్నా మనిషి నడుస్తూనే ఉంటాడు, పుండు అక్కడే పడుతుంది. ఆ సంగతి గ్రహించి ఆయనా, సహచరులూ మెత్తని చెప్పుల మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. ఊరికి దగ్గరలోని కరిగిరి కుష్ఠు వైద్య కేంద్రం కూడా ఆ పనికి పేరు పొందింది. ఆ చెప్పుల్లో వాడే, సన్నని గాలి గదులుండే మెత్తని రబ్బరునే ఎంసీఆర్ అంటారు. షుగరుతో కాళ్ళు మొద్దుబారినవారికి మన ఊళ్ళలో డాక్టర్లు వేసుకోమనే చెప్పులు అవే.

ఆసుపత్రికి నడక దూరంలో, పది అడుగుల దుకాణంలో అలాంటి చెప్పులు కుట్టే పెద్దాయన దొరికారు. ఇంట్లో తెలుగే మాట్లాడతారట. నేను బల్ల మీద కూర్చుని కాలు చాపబోతే ఆపేశారు.

"నిలబడండమ్మా. కూర్చుంటే కాలు అబద్ధం చెబుతుంది."

నేల మీద కాగితం పరిచి, నన్ను రెండు కాళ్ళ మీదా సమంగా బరువు వేయమన్నారు. పెన్సిలు ఏమాత్రం వాల్చకుండా, నిట్టనిలువుగా పట్టుకుని పాదం చుట్టూ గీశారు. వేళ్ళ మొదలు చుట్టూ, మీగాలి చుట్టూ, మడమ నుంచి చీలమండ మీదుగా టేపు పెట్టి కొలిచారు. కుడి పాదం 26.4 సెంటీమీటర్ల పొడవు, 10.9 వెడల్పు. ఎడమది 26.6 పొడవు, 11.3 వెడల్పు. తరువాత నా పాత చెప్పును ఆ బొమ్మ మీద పెట్టారు. చిటికెన వేలి వైపు పెన్సిలు గీత అట్ట దాటి బయటికి వచ్చేసింది. బొటనవేలి ముందు మాత్రం వేలెడు వెడల్పు ఖాళీ. ఇన్నేళ్ళూ నేను నడిచింది అట్ట అంచు మీద.

నంబరు పెంచితే వెడల్పు దొరకదా అని అడిగాను. ఆయన వేళ్ళ మీద లెక్క చెప్పారు. మనం వాడే నంబర్లు ఇంగ్లండువి. నంబరుకు నంబరుకు మధ్య తేడా అంగుళంలో మూడో వంతు, అంటే దాదాపు 8.5 మిల్లీమీటర్లు. అది పొడవు. వేళ్ళ మొదలు చుట్టుకొలత మాత్రం పావు అంగుళమే పెరుగుతుంది. అది చుట్టూ పెరిగేది కాబట్టి, అడుగున వెడల్పుకు వచ్చేది ఒకటి రెండు మిల్లీమీటర్లు. నాకు చాలినంత వెడల్పు రావాలంటే మూడు నంబర్లు పెంచాలి. అప్పుడు చెప్పు వంగాల్సిన చోటు నా వేళ్ళ మొదట్లో ఉండదు, ఇంకా ముందుకు పోతుంది. కాలు ఒకచోట, చెప్పు మరొకచోట వంగితే చర్మం ఒరుసుకుపోక ఏమవుతుంది?

వెనుక పట్టీ, పైన మూడు పట్టీలు, అన్నీ వెల్‌క్రోతో సర్దుకునేలా, అడుగున ఎంసీఆర్. 1,400 రూపాయలు. ఎల్లుండి పొద్దున రమ్మన్నారు.

మరుసటి రోజు ఆంబూరు. వేలూరు నుంచి బెంగళూరు దారిలో 50 కిలోమీటర్లు. దారి పక్కన పాలారు. మన కుప్పం వైపు నుంచి వచ్చే ఏరే. మేము చూసినంత మేర ఇసుక, ముళ్ళ చెట్లు. తోళ్ళు శుద్ధి చేసే కర్మాగారాల మురుగు ఈ ఏటినీ, చుట్టుపక్కల బావులనూ పాడుచేసింది. వేలూరు పౌరులు సుప్రీంకోర్టుకు వెళితే, కాలుష్యం చేసినవారే పరిహారం కట్టాలని 1996లో తీర్పు వచ్చింది. తోలు బూట్లు కొనడానికి వెళుతూ ఆ ఏటిని చూడటం నాకు భారంగానే అనిపించింది. కొన్నది చాలా ఏళ్ళు వాడాలి, ఏడాదికొక జత పారేయకూడదు అని అక్కడే నిశ్చయించుకున్నాను.

ఆంబూరులో ఎగుమతికి తయారై మిగిలిపోయిన బూట్లు అమ్మే దుకాణాలు చాలా ఉన్నాయి. అవి మావంటివారికి పనికొచ్చేది ఇందుకే: ఐరోపా వారి కాళ్ళకు చేసినవి కాబట్టి మన ఊళ్ళో కనిపించని 45, 46, 47 నంబర్లు ఇక్కడ అరల్లో ఉంటాయి. కొన్నింటి లోపల నాలుక మీద నంబరు పక్కన ఒక అక్షరం కూడా ఉంటుంది. జర్మనీకి తయారైన జతల్లో హెచ్ అంటే వెడల్పు. ఆ అక్షరం చదవగలిగితే సగం వెతుకులాట తప్పుతుంది. నాలుగు దుకాణాలు తిరిగితే రెండింటిలో దాని సంగతి అడిగినా ఎవరికీ తెలియలేదు. మూడో దుకాణంలో ఒక కుర్రవాడు మాత్రం మేము ఏమీ చెప్పకుండానే బూటు లోపలి మెత్త బయటికి తీసి నేల మీద పెట్టి, "దీని మీద నిలబడండి అక్కా" అన్నాడు. పాదం అంచులు మెత్త దాటి బయటికి పొర్లితే ఆ జత తొడిగి చూడనక్కర్లేదు. ఏ ఊళ్ళో కొన్నా ఈ ఒక్క పని చేయండి.

ఇంకో జాగ్రత్త. మిగులు సరుకులో ఎన్నేళ్ళ నాటిదో తెలియని జతలు కలిసి ఉంటాయి. పాలీయూరిథేన్ అట్టలు వాడకుండా మూల పెట్టినా గాలిలోని తేమకు పెళుసుబారి, ఒకనాడు ఉన్నట్టుండి ముక్కలవుతాయి. తమ్ముడి పాత బూట్లు పని చోట మూడో అంతస్తులో ఉండగా అలాగే ఊడాయి. అందుకే అట్టను గోటితో నొక్కి చూడాలి, రెండు చేతులతో వంచి చూడాలి. సన్నని పగుళ్ళు కనిపించినా, పొడి రాలినా వదిలేయాలి. తేలికగా ఉండే ఈవీఏ నురుగు అట్టలకు ఆ జబ్బు లేదు కానీ, వంద కిలోల బరువు కింద కొన్ని నెలల్లోనే అణిగిపోతాయి. తేలిక అని మురిసిపోవద్దు.

నాకు ఆడవారి బూట్లలో 42 రెండు జతలు కనిపించాయి, రెండూ సన్నవే. చివరికి మగవారి కోసం చేసిన నల్లని మెత్తని తోలు బూట్లు, 42 నంబరు, హెచ్ వెడల్పు, 1,900 రూపాయలకు తీసుకున్నాను. తమ్ముడికి సేఫ్టీ బూట్లు 12వ నంబరులో 1,650కి దొరికాయి. సేఫ్టీ బూట్లకు మన దేశపు ప్రమాణమైన ఐఎస్ 15298 గుర్తు ఉందో లేదో చూసుకున్నాడు. ఉక్కు తొడుగు 200 జౌల్స్ శక్తి గల దెబ్బకు తట్టుకోవాలని ఆ ప్రమాణం చెబుతుంది. గుర్తు లేనివి అదే అరలో 1,100కే ఉన్నాయి. అవి వద్దని నేనే అన్నాను.

మధ్యాహ్నం ఆంబూరు బిర్యానీ. సన్నని జీరక సాంబ బియ్యం, మసాలా తక్కువ, పక్కన పుల్లని వంకాయ కూర. హైదరాబాదు బిర్యానీ ఘాటుకు అలవాటుపడినవారికి మొదటి ముద్దలో చప్పగా అనిపిస్తుంది. నాకు నాలుగో ముద్దకే నచ్చింది.

మూడో రోజు పొద్దున వేలూరులో చెప్పులు తయారుగా ఉన్నాయి. ఎడమ కాలి ముందు పట్టీ చిటికెన వేలిని తాకుతోందంటే, పెద్దాయన కుట్టు విప్పి, ఆరెతో కొత్త చిల్లులు పొడిచి, పట్టీని అర వేలు వెనక్కి జరిపి మళ్ళీ కుట్టారు. కొలత కాగితం నకలు అడిగితే ఇచ్చారు. కోట దాకా నడిచి, కందకం పక్కన ఒక చుట్టు తిరిగి వచ్చాం. ఎక్కడా ఆగి పట్టీ సర్దుకోవలసిన అవసరం రాలేదు.

కాట్‌పాడిలో రైలెక్కి చెన్నై. సెంట్రల్ స్టేషనుకు దగ్గరని పెరియమేడులో దిగాం. గది 1,800. ఈ యాత్రలో తీసుకున్న గదుల్లో అదే ఎక్కువ అద్దె. నిశ్శబ్దం ఆశించకండి. కానీ ఆ పేటంతా తోలు, అట్టలు, మేకులు, బూటు సామగ్రి అమ్మే దుకాణాలే. 300 రూపాయలకు రెండు జతల లోపలి మెత్తలు అక్కడే కొన్నాం. నాలుగో రోజు టీ నగర్‌లో క్రీడా బూట్ల దుకాణాలు చూశాం. అమెరికా లెక్కలో మగవారికి డి మామూలు వెడల్పు, టూ ఈ వెడల్పు, ఫోర్ ఈ మరీ వెడల్పు. ఆడవారికి డి అంటేనే వెడల్పు. తమ్ముడికి 12వ నంబరు ఫోర్ ఈ నడక బూట్లు తగ్గింపులో 3,900కు వచ్చాయి. మొత్తం 9,150 అయింది.

మంచు బూట్లు మాత్రం కొనలేదు. ఒక పెద్ద దుకాణంలో మగవారివి 43 తొడిగితే పాదం పట్టింది, పిక్క దగ్గర జిప్పు సగంలో ఆగిపోయింది. అక్కడి నుంచే అమ్మాయికి ఫోను చేశాను. "అమ్మా, ఇక్కడ ఆడవారివే 11, 12 దొరుకుతాయి, పిక్క వెడల్పు కూడా విడిగా ఉంటుంది, జనవరిలో ధరలు తగ్గిస్తారు, నువ్వు అక్కడ కొనకు" అంది. విమానాశ్రయం నుంచి ఇంటికి ఆంబూరు బూట్లు, ఉన్ని మేజోళ్ళు చాలు.

అడయారులోని కేంద్రీయ తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా దేశంలో 79 చోట్ల లక్ష మందికి పైగా పాదాలు కొలిచింది. మన పాదాలు ఐరోపా, అమెరికా వారి పాదాలకన్నా వెడల్పు అని తేలింది. మనకంటూ 'భ' అనే కొలతల పద్ధతిని ప్రతిపాదించారు. ముప్పై నాలుగేళ్ళు దుకాణంవారు లోపం నా కాలిదన్నట్టు చూశారు, నేనూ అలాగే నమ్మాను. లోపం చెప్పులు కుట్టే అచ్చుది. ఆ 'భ' అక్షరం చెప్పుల పెట్టెల మీదికి ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూస్తున్నాను.

రాత్రి రైల్లో డాక్టరుగారు నేర్పినట్టు ఫోను వెలుగులో రెండు పాదాలూ చూసుకున్నాను. చిటికెన వేళ్ళ దగ్గర ఏమీ లేదు. కుడి మడమ వెనుక కందిపప్పంత ఎర్రని గుర్తు. ఫోటో తీసి పెద్దాయన మనవడికి పంపాను. మర్నాడు పొద్దున కడపలో దిగేసరికి జవాబు వచ్చింది: వెనుక పట్టీ లోపల మెత్తని తోలు ముక్క అతికించాలి, అందాకా వేసుకోవద్దు. బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే అతని చేత నలభై రూపాయలకు అతికించుకున్నాను.