పీలింగ్ డాక్టర్ దగ్గరా, ఇంట్లోనా? అనంతపురం ఎండలో మూడేళ్ల తర్వాత నా మాట

పీలింగ్ అంటే యాసిడ్ రాసి చర్మం పై పొర లేచిపోయేలా చేయడం. నాది చామనఛాయ. వయసు ముప్పై ఆరు. అనంతపురం నుంచి రాప్తాడు దగ్గరున్న బడికి రోజూ స్కూటీ మీద పోయి వస్తాను. ఈ సంగతి మనసులో పెట్టుకుని చదవండి. ఏసీ గదిలో కూర్చునేవాళ్లకు నా అనుభవం పూర్తిగా వర్తించదు.

మొదట తప్పు చేసింది పార్లర్‌లో. 2022 మే, మా మరిది పెళ్లికి నాలుగు రోజుల ముందు. ఆవిరి పట్టి, వాల్‌నట్ స్క్రబ్‌తో పది నిమిషాలు రుద్దింది అక్కడి అమ్మాయి. మంటగా ఉందంటే "మంట ఉంటేనే పని చేస్తున్నట్టు అక్కా" అంది. నేనూ నమ్మాను. పదహారు రోజుల పండగ నాటికి రెండు చెంపల మీదా గోధుమ రంగు చారలు తేలాయి. "మొగమేందమ్మా ఇట్లయింది, పొయ్యి కాడ కాగినట్టు" అంది మా అత్త.

స్కిన్ డాక్టర్ దగ్గరకు పరిగెత్తాను. ఆవిడ చారలు చూసి, పొడి గరుకు అంచులు చర్మాన్ని గీరాయని, మన రంగు చర్మానికి చిన్న దెబ్బ తగిలినా ఆ చోటు నల్లబడి నెలల తరబడి ఉంటుందని చెప్పారు. పీలింగ్ చేయమంటే ఒప్పుకోలేదు. "ఈ ఎండల్లో చెయ్యనమ్మా. చలి పడ్డాక రా. అంతవరకు సన్‌స్క్రీన్ రాయి, ఏదీ రుద్దకు." అప్పుడు ఒళ్లు మండింది. ఇప్పుడు ఆలోచిస్తే, మూడొందల ఫీజుకు నాకు దొరికిన అసలు వైద్యం అదే.

కార్తీకంలో మొదలుపెట్టి శివరాత్రి లోపల ఆరు సిట్టింగ్‌లు పూర్తి చేశాం, మూడు వారాలకు ఒకటి చొప్పున. ఒక్కోదానికి 1,800 రూపాయలు. వాడింది 35 శాతం గ్లైకోలిక్ యాసిడ్. గర్భమా, మొటిమలకు మాత్రలేమైనా మింగుతున్నావా, పెదవి మీద ఎప్పుడైనా జ్వరం పొక్కులు వచ్చాయా అని ముందే అడిగారు. స్పిరిట్ లాంటి దానితో జిడ్డంతా తుడిచారు. కళ్ల చివర్లకు, ముక్కు అంచులకు, పెదవులకు వాజిలిన్ పూశారు. తర్వాత నుదుటి నుంచి బ్రష్‌తో గబగబా రాసి, ఫోన్‌లో టైమర్ పెట్టారు. మొదటిసారి రెండు నిమిషాలే. ఎండుమిరపకాయలు దంచిన చేత్తో మొహం తడుముకుంటే ఎట్లుంటుందో అట్లా ఉండింది. నర్సు చిన్న ఫ్యాన్ మొహానికి దగ్గరగా పట్టుకుంది. టైమర్ మోగగానే వంటసోడా కలిపిన నీళ్లు చల్లి యాసిడ్‌ను విరిచేశారు, బుసబుసమని సన్న నురగ లేచింది. ఎక్కడైనా తెల్లబడితే టైమర్ మోగకముందే ఆపేయాలట. ఆ కన్ను నాకు లేదు. అందుకే ఇంత గాఢత ఉన్న యాసిడ్ ఆన్‌లైన్‌లో దొరుకుతున్నా కొనలేదు.

మూడో రోజు మూతి చుట్టూ ఉల్లిపొరలాగా లేచింది. "మేడం, మీకు పొట్టు లేస్తాంది" అన్నాడు ఐదో తరగతి పిల్లోడు. పీకొద్దని డాక్టర్ మరీ మరీ చెప్పినా, ముక్కు పక్కన ఒక పొర వేలాడుతుంటే గోటితో లాగేశాను.

నాలుగో సిట్టింగ్‌కు చారలు సగం పైగా తగ్గాయి. ఆరోదానికి చూసేవాళ్లకు తెలియనంత అయ్యాయి. అయితే కాలేజీ రోజుల మొటిమల గుంటలు గుంటలుగానే ఉన్నాయి. వాటికి ఈ పీలింగ్ చాలదు.

ఆ తర్వాత రెండున్నరేళ్లుగా ఇంట్లోనే. ముక్కు మీద బ్లాక్‌హెడ్స్‌కు, అంటే రంధ్రాల్లో జిడ్డు చేరి నల్లబడిన చుక్కలకు, 2 శాతం సాలిసిలిక్ యాసిడ్ వాడుతున్నాను. నూనెలో కరిగే గుణం వల్ల అది జిడ్డు పట్టిన రంధ్రాల్లోకి దిగుతుంది. చెంపలకు 5 శాతం లాక్టిక్ యాసిడ్, పెరుగు పులుపులో ఉండేదే. వారానికి రెండు రాత్రులు, అంతే. మొదట్లో ఆత్రంకొద్దీ ఒకే రాత్రి యాసిడ్, దాని మీద మొటిమల అడాపలీన్ జెల్ రాసి, పొద్దున్నే సబ్బు తగిలితే కెవ్వుమన్నాను. ఇప్పుడు వేర్వేరు రాత్రులు. ఇంటి వాడకం పాత మచ్చను మాత్రం పెద్దగా కదిలించలేదు. కొత్త మొటిమలు తగ్గడానికి, మొహం నున్నగా ఉండడానికి పనికొస్తుంది.

సీసా 550 రూపాయలు, నాలుగు నెలలు వస్తుంది. చవకే అనిపిస్తుంది కదా? రెండు వేళ్ల పొడవున రోజుకు రెండుసార్లు రాస్తే యాభై గ్రాముల సన్‌స్క్రీన్ నెల కూడా రాదు, ఒక్కో ట్యూబు 450. అసలు ఖర్చు అదే. యాసిడ్ రాసిన చర్మానికి ఎండ ఇంకా త్వరగా తగులుతుంది కాబట్టి ట్యూబు కొనలేని నెల సీసా కూడా తియ్యను.

ఉగాది దాటితే లాక్టిక్ సీసా బీరువాలోకి పోతుంది, మళ్లీ దసరా తర్వాతే. సున్నిపిండి మాత్రం ఏడాది పొడుగునా ఉంటుంది, చేతులకు, పాదాలకు. మొహానికి కాదు, ఎంత మెత్తగా జల్లించినా. ఈ చలికాలం ఇంకో రెండు సిట్టింగ్‌లు చేయించుకోవాలనుకుంటున్నాను, ముక్కు పక్కన గోటితో లాగిన చోటు కోసం. కందిబద్దంత మచ్చ. అద్దంలో ముందు అదే కనిపిస్తుంది.