ఐదేళ్లు దాటిన మా బొమ్మల గ్రూపు: ఒక సభ్యురాలి సమీక్ష

2020 జూన్‌లో ఈ గ్రూపులో చేరాను. స్కూళ్లు మూసేశారు, ఇంట్లోంచే పిల్లలకి లెక్కలు చెప్పేదాన్ని. సాయంత్రాలు ఏం చేయాలో తోచేది కాదు. పాతికేళ్ల క్రితం కొన్న రంగుల డబ్బా అటక మీంచి దించితే రంగులన్నీ రాళ్లలా గట్టిపడిపోయి ఉన్నాయి. నీళ్లు పోసి రాత్రంతా ఉంచితే నాలుగైదు కరిగాయి. వాటితో మా పెరట్లో మందారచెట్టు వేసి, తెలిసినావిడకి ఫోన్లో పంపాను. ఆవిడే నన్ను ఇందులో చేర్చింది.

ఇంట్లో తీరిక దొరికినప్పుడు బొమ్మలు వేసుకునేవాళ్లు ఒకరి బొమ్మలు ఒకరికి చూపించుకునే చిన్న గుంపు ఇది. అందరిదీ రాజమండ్రే. కొందరు ఇక్కడే ఉన్నారు, కొందరు హైదరాబాద్, బెంగళూరు, డల్లాస్ వెళ్లి స్థిరపడ్డారు. మందుల షాపు నడిపే ఆయన, రైల్వేలో రిటైరైనాయన, ఇంజనీరింగ్ చదివే కుర్రాడు, ఇద్దరు ముగ్గురు గృహిణులు, నాలాంటి టీచర్లు. మాలో బొమ్మలు పద్ధతిగా నేర్చుకున్నది ఒక్కరే, హైస్కూల్లో డ్రాయింగ్ మాష్టారుగా చేసి రిటైరైన పెద్దాయన. డ్రాయింగ్ లోయర్, హయ్యర్ రెండూ పాసై, వేలమంది పిల్లల చేత కూజాలూ ఆకులూ గీయించిన మనిషి. "మీ గ్రూపులో చేరితే నిజంగా బొమ్మలు వస్తాయా?" అని నన్ను చాలామంది అడుగుతుంటారు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

నడిచే పద్ధతి తేలికే. ఆదివారం ఒక అంశం ఇస్తారు. శనివారం రాత్రి తొమ్మిదిలోపు బొమ్మ వేసి ఫొటో పెట్టాలి. మర్నాడు పొద్దున పదింటికి వీడియో కాల్‌లో గంటన్నర మాట్లాడుకుంటాం. ఊళ్లో ఉన్నవాళ్లం నెలకోసారి ఎవరో ఒకరింట్లో కలుస్తాం. ఫీజు లేదు. అరవైమంది దాకా ఉన్నా, ప్రతి వారం వేసేది పద్నాలుగు పదిహేనుమందే.

నాకు ఈ గ్రూపు విలువ తెలిసింది చేరిన రెండో నెలలో. ఆ వారం అంశం గోదావరి. నేను ఎంతో శ్రద్ధగా నీలిరంగు నీళ్లు, తెల్లటి తెరచాప, వెనకాల పచ్చటి చెట్లు వేసి పెట్టాను. చాలా బాగుందన్నారు కొందరు. మాష్టారు మాత్రం, "అమ్మా, ఇప్పుడు గోదారి ఈ రంగులో ఉందా? రేపు పొద్దున మాస్కు పెట్టుకుని ఒక్కసారి గట్టు మీదకెళ్లి చూసి రండి. చూసి మళ్లీ వేయండి" అన్నారు.

వెళ్లాను. పుట్టిన దగ్గర్నించీ చూస్తున్న నదే. ఎర్రనీరు వచ్చిందని మా అమ్మ ఏటా అంటూనే ఉంటుంది. అయినా బొమ్మ వేయడానికి కూర్చునేసరికి నా చెయ్యి నీలం ట్యూబు మీదకే వెళ్లింది, ఎందుకంటే చిన్నప్పట్నించీ నీళ్లంటే నీలమే వేశాను. గట్టున నిలబడి చూస్తే నీలం ఎక్కడా లేదు. ఒడ్డు దగ్గర ఇటుక రంగు. కొంచెం లోపలికి వెళ్తే పాలెక్కువైన టీ రంగు. ఇంకా అవతల, కొవ్వూరు వైపు, మబ్బు నీడ పడి బూడిద రంగులోకి తిరిగింది. గుర్రపుడెక్క గుత్తులు గుత్తులుగా కొట్టుకొస్తోంది. దాని పచ్చదనం పక్కన నీళ్ల ఎరుపు ఇంకా ఎర్రగా కనిపించింది.

ఇంటికొచ్చి బర్న్ట్ సియెనా అనే ఎర్రమట్టి రంగులో కొద్దిగా ఎల్లో ఓకర్ అనే పసుపుమట్టి రంగు కలిపాను. మరీ మట్టిగోడలా వచ్చింది. అందులో అల్ట్రామెరీన్ నీలం చుక్క వేస్తే రంగు ఒక్కసారిగా దిగింది, అచ్చం నేను చూసిన నీళ్లలా. ఆ నీలమే! నీళ్లకి వేసే రంగని నేననుకున్న నీలం, ఎరుపులో దాక్కుని ఉండాలి. కాగితం పైభాగం తడిపి ముందు మబ్బు రంగు పరిచి, అది ఆరకముందే కిందనుంచి ఎర్రనీటి రంగు అడ్డంగా లాక్కుంటూ వచ్చాను. రెండూ కలిసిన చోట నా ప్రమేయం లేకుండానే ఒక సన్నటి వెలుగు గీత మిగిలింది. ఆ బొమ్మ ఇప్పటికీ మా హాల్లో ఉంది. తర్వాత ఆగస్టులో గోదావరికి పెద్ద వరద వచ్చింది. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 70 అడుగులు దాటినప్పుడైతే ఆ వారం అంశం ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. పదిహేనుమందిలో ఒక్కరు కూడా నీలం నీళ్లు వేయలేదు.

ఇక మాట్లాడుకునే తీరు. ఇక్కడ ఉత్త చప్పట్ల ఎమోజీ, పువ్వుల ఎమోజీ పెట్టి వెళ్లిపోకూడదని నియమం ఉంది. ఏదైనా చెప్పదలిస్తే బొమ్మలో ఒక చోటు చూపించి చెప్పాలి. "కుడివైపు గోడ మీద నీడ అంచు మెత్తగా ఉంది, అది బాగుంది" అనాలి. లేదా "చెట్టు మొదలు దగ్గర రంగు బురదైంది, మూడో పూత ఆపేసి ఉంటే సరిపోయేది" అనాలి. మొదట్లో ఇది కొంచెం కరుకుగా అనిపించింది. కష్టపడి వేసిన బొమ్మలో తప్పు చూపిస్తే టెన్షన్ వచ్చేది, ఒకట్రెండు వారాలు నేను పెట్టలేదు కూడా. కానీ వేరేవాళ్ల బొమ్మలో ఒక చోటు చూపించాలంటే దాన్ని రెండు నిమిషాలైనా కదలకుండా చూడాలి కదా. ఆ చూడటం అలవాటైంది. కాగితం తెలుపు వదిలేయడమే వాటర్‌కలర్‌లో వెలుగు అన్న సంగతి నాకు పుస్తకంలో చదివితే ఎక్కలేదు, మందుల షాపు ఆయన వేసిన స్టీలు గ్లాసు చూస్తే ఎక్కింది. గ్లాసు మీద మెరుపుకి ఆయన ఏ రంగూ వేయలేదు. చుట్టూ వేసి అక్కడ వదిలేశారు, అంతే.

ఫొటోల విషయంలో మాత్రం మొదటి ఏడాది అందరం ఇబ్బంది పడ్డాం. రాత్రి ట్యూబ్‌లైటు కింద ఫొటో తీస్తే బొమ్మ నీలం వైపు తిరిగిపోతుంది, బల్బు కింద తీస్తే పసుపు పట్టేస్తుంది. ఫోను తనంతట తానే రంగులు సర్దేసి ఎర్రనీటిని గులాబీ చేస్తుంది. ఇప్పుడు నేను పొద్దున ఎనిమిది, తొమ్మిది మధ్య వరండాలో నీడపట్టున గోడకి కాగితం నిలబెట్టి, ఫోను దానికి సరిగ్గా ఎదురుగా పట్టుకుని తీస్తాను. పక్కన తెల్లకాగితం ముక్క ఒకటి పెడతాను, ఫొటోలో అది తెల్లగా కనబడితే మిగతా రంగులూ దాదాపు సరిగ్గా ఉన్నట్టే. మామూలు ఫొటోలా కాకుండా డాక్యుమెంట్‌గా పంపితే సైజు తగ్గదు, కుంచె గీతలు కూడా కనబడతాయి. ఇంత చేసినా ఫోన్లో చూసిన బొమ్మ వేరు, చేతిలో పట్టుకున్న బొమ్మ వేరు. నెలకోసారి కలిసే రోజు అసలు బొమ్మలు తెమ్మంటారు. ఊళ్లో ఉన్నవాళ్లు ఆ రోజు మాత్రం వదులుకోకండి.

గోదావరి జిల్లాల్లో వాటర్‌కలర్ వేసేవాళ్లకి వాతావరణం పెద్ద పరీక్ష. రోహిణి కార్తెలో ఆకాశానికి వాష్ (పలచటి రంగు పూత) వేస్తే కుంచె ఈ చివర్నించి ఆ చివరికి వెళ్లేలోపు మొదటి అంచు ఆరిపోయి గీత పడుతుంది. శ్రావణంలో అదే వాష్ రెండు గంటలైనా ఆరదు. ఎండాకాలానికి గ్రూపులో ఒకావిడ చెప్పిన ఉపాయం నాకు బాగా పనికొచ్చింది. కాగితం రెండువైపులా తడిపి గాజుపలక మీద అంటించి వేయాలి. కింద తడి ఉన్నంతసేపు పైన రంగు కదులుతూనే ఉంటుంది. కాటన్ కాగితమైతే ఇంకా బాగా తడి పట్టుకుంటుంది.

కాగితం గురించి ఇంకో మాట, ఇది నేను డబ్బు పోసి నేర్చుకున్నది. 2021లో ఒక ఆన్‌లైన్ దుకాణంలో డిస్కౌంట్ ఉందని పది పెద్ద షీట్లు కొన్నాను, మూడొందల జీఎస్ఎంవి (అంటే చదరపు మీటరుకి మూడొందల గ్రాముల బరువున్నవి). మొదటి రెండూ బాగానే ఉన్నాయి. వానాకాలం అయ్యాక మూడోది తీసి ఆకాశం వేస్తే, తెల్లటి కాగితం మీద ఎక్కడెక్కడో ముదురు మచ్చలు తేలాయి. అక్కడ రంగు పైన నిలబడకుండా లోపలికి ఇంకిపోయింది. నా చేతిలోనే లోపం ఉందనుకుని మూడు షీట్లు పాడుచేశాను. మాష్టారికి చూపిస్తే కాగితం వేలితో రాసి చూసి, "సైజింగ్ పోయిందమ్మా" అన్నారు. ఈ కాగితాలకి జిలాటిన్ లాంటి జిగురు పట్టిస్తారు. రంగు కాసేపు పైన ఆగడం దానివల్లే. తేమ తగిలి ఆ జిగురు పాడైతే ఖరీదైన కాగితం కూడా అద్దుడు కాగితంలా పీల్చేస్తుంది. నేను షీట్లని బయటి గోడకి ఆనించిన బీరువా వెనక నిలబెట్టాను, వానకి ఆ గోడ చెమర్చేది. దుకాణంవాళ్లు వెనక్కి తీసుకోలేదు. ఇప్పుడు ఒక పెద్ద షీటు (22 అంగుళాలు, 30 అంగుళాలు) కొనగానే ఎనిమిది ముక్కలు చేసి, జిప్ కవర్లో సిలికా జెల్ పొట్లాలతో పాటు లోపలి గదిలో పెడుతున్నాను. పాడైన షీట్లు పారేయలేదు, సుద్దముక్కల్లాంటి పాస్టెల్ రంగులకి వాడుకున్నాను.

రంగులకి మేం పెద్దగా ఖర్చు పెట్టం. చాలామందిమి క్యామెల్ ఆర్టిస్ట్ ట్యూబులతో మొదలుపెట్టాం, నేనైతే రోజువారీకి ఇప్పటికీ అవే వాడుతున్నాను. ఒక్క జాగ్రత్త మాత్రం గ్రూపు అంతా కలిసి నేర్చుకున్నాం. రైల్వే ఆయన ఒక అట్టముక్క మీద పన్నెండు రంగులు పట్టీలుగా వేసి, సగం నల్లకాగితంతో మూసి, దక్షిణం కిటికీకి మూడు నెలలు అంటించి ఉంచారు. విప్పి చూస్తే నీలాలు, మట్టిరంగులు అలాగే ఉన్నాయి, క్రిమ్సన్ అనే ముదురు ఎరుపు మాత్రం ఎండ తగిలిన సగంలో బాగా వెలిసిపోయింది. ట్యూబు మీద చిన్న అక్షరాల్లో వేసే రంగుపొడి కోడ్ పి.ఆర్. 83 అని ఉంటే అది ఎండకి ఆగే రంగు కాదని అప్పుడు తెలుసుకున్నాం. గోడకి తగిలించే బొమ్మల్లో ఇప్పుడు దాని బదులు పి.వి. 19 ఉన్న ఎరుపు వాడుతున్నాం.

2023 శీతాకాలంలో మేమంతా కలిసి దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి వెళ్లాం. ఉన్న ఊళ్లోనే ఉంది, నేను కాలేజీ రోజుల తర్వాత మళ్లీ లోపలికి అడుగుపెట్టలేదు. చిత్రకారుడు రామారావుగారు 1897లో పుట్టి 1925లో, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే మశూచితో పోయారు. ఇక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ప్రోత్సాహంతో బొంబాయి జె.జె. స్కూల్లో చదివి వచ్చిన మనిషి. ఆ తైలవర్ణ చిత్రాలు అందరికీ తెలిసినవే. నేను ఎక్కువసేపు నిలబడింది మాత్రం పెన్సిల్ గీతల దగ్గర. ఒక చెయ్యి మడత కోసం గీసిన గీతలు చూస్తే మనిషి పక్కన కూర్చుని గీస్తున్నట్టే ఉంటుంది. మూడేళ్లపాటు తోటివాళ్ల బొమ్మల్లో ఒక్కో చోటూ చూపిస్తూ రాకపోతే ఆ గీతల ముందు అంతసేపు ఆగేదాన్ని కాదు.

ఇబ్బందులూ ఉన్నాయి. ఒక దశలో సభ్యులు రెండొందలు దాటారు. రోజుకి ఎనభై ఫొటోలు, సగం ఎక్కడో నెట్‌లో దొరికిన ఫొటో చూసి వేసినవి. చూసేవాళ్లే లేరు. ఆర్నెల్లు వేయనివాళ్లని తీసేయాల్సి వచ్చింది, దానికి కొందరు నొచ్చుకున్నారు. ఇప్పుడు కళ్లతో చూసింది గానీ, గుర్తున్నది గానీ వేయాలంటాం. ఇంకోసారి నా ముగ్గు బొమ్మని ఎవరో సంక్రాంతి కార్డుగా అచ్చేసి అమ్మారు. సంతకం మూలలో ఉండేది, దాన్ని కత్తిరించేశారు. చాలా బాధ కలిగింది. అప్పట్నించీ సంతకం బొమ్మ లోపలే పెడుతున్నాను, పెద్ద సైజు ఫొటోలు బయట ఎవరికీ పంపడం లేదు.

విదేశాల్లో ఉన్నవాళ్లకి ఇది సరిపోతుందా అంటే, సరిపోతుందనే చెప్తాను. ఓసారి హేవ్‌లాక్ వంతెన అంశంగా ఇచ్చాం. 1900లో మొదలై 1997 దాకా రైళ్లు నడిచిన, గోదావరి మీది పాత వంతెన. ఊళ్లో ఉన్నవాళ్లం ఒడ్డున కూర్చుని స్తంభాలు లెక్కపెట్టుకుంటూ వేశాం. డల్లాస్ ఆయన గుర్తున్నది వేశారు. వంతెన కనబడనే లేదు, రైలు కిటికీ చువ్వలు, వాటి మధ్య నీళ్లు, నీళ్లలోకి పైసలు విసురుతున్న ఒక పిల్లాడి చెయ్యి. ఆదివారం కాల్‌లో ఆ బొమ్మ దగ్గర మాట్లాడటానికి అందరికీ కాస్త టైం పట్టింది.

త్వరగా బొమ్మలు అమ్ముకోవాలనుకునేవాళ్లకి ఈ గ్రూపు నప్పదు. వరసగా పాఠాలు కావాలనుకునేవాళ్లు క్లాసులో చేరడమే మంచిది, ఇక్కడ పాఠమంటూ ఏదీ ఉండదు. వారానికి నాలుగు గంటలు దొరికి, తప్పు చూపిస్తే రెండోసారి వేసే ఓపిక ఉంటే రండి. నాకు ఇప్పటికి రెండొందల ముప్పై బొమ్మలయ్యాయి. అందులో నాకు నచ్చినవి పాతిక ఉంటాయి.

ఈ వారం అంశం వంటింటి గట్టు. అమ్మ ఇచ్చిన ఇత్తడి మరచెంబు వేస్తున్నాను. నిన్న వేసినదాంట్లో అంతా పసుపే పరిచేశాను. ఇవాళ దగ్గరగా చూస్తే చెంబు నడుం మీద పసుపు చాలా తక్కువ. కిటికీ నీలం ఒక పక్క, గ్యాస్ సిలిండర్ ఎరుపు ఇంకో పక్క సన్నగా సాగి ఉన్నాయి, అడుగున దాదాపు నలుపు. పొద్దున ఏడింటికి ఎండ గట్టు మీద పడి అరగంట ఉంటుంది. రేపు ఆ అరగంటలో నీడ గీసుకుని, రంగు తర్వాత మొదలుపెట్టాలి.