జెనీవా ఎయిర్‌పోర్టు నుంచి స్కీ ఊరికి: వ్యాన్ మేలా, అద్దె కారు మేలా?

శనివారం దిగి మళ్ళీ శనివారం తిరిగొచ్చే స్కీ ట్రిప్పులో అద్దె కారుకి ఏడు రోజుల డబ్బు కడతారు. అది నడిచేది వెళ్ళిన రోజు, వచ్చే రోజు. మధ్యలో ఆరు రోజులూ పార్కింగులో మంచు కప్పుకుని ఉంటుంది, చాలా చోట్ల ఆ పార్కింగుకీ విడిగా డబ్బు. అందుకని ఎయిర్‌పోర్టు ఎంత దూరమో చూసి కారా, వ్యానా అని తేల్చేసుకోకండి. దిగబోయే ఇంటి గుమ్మం నుంచి, స్కీ చేసేవాళ్ళని కొండ మీదికి తీసుకెళ్ళే లిఫ్టు దాకా పిల్లలు స్కీ బూట్లతో నడవగలరా, లేకపోతే ఇంటి దగ్గర ఉచిత బస్సు ఆగుతుందా, ముందు ఇది చూడండి. రెండింట్లో ఏది అవునన్నా చాలావరకు కారు అక్కర్లేదు. రెండూ కాదంటే కారు లేకుండా ఆ వారం గడవడం కష్టం.

ఇక్కడ మాట్లాడుతున్నది ఫ్రాన్స్‌లోని ఉత్తర ఆల్ప్స్ గురించి: మోర్జీన్, లె జే, షామొనీ, ఇంకా లోపలికి వెళ్తే మెరిబెల్, వాల్ తొరెన్స్. బ్రిటన్‌లో ఉండే మనవాళ్ళు స్కూళ్ళకిచ్చే ఫిబ్రవరి హాఫ్ టర్మ్ సెలవుల్లో ఇటు వెళ్తే మామూలుగా దిగేది స్విట్జర్లాండ్‌లోని జెనీవాలో. అక్కడి నుంచి మోర్జీన్ సుమారు 80 కిలోమీటర్లు, షామొనీ దాదాపు 100. రోడ్డు ఖాళీగా ఉంటే దేనికైనా గంటంబావు, మహా అయితే గంటన్నర. వాల్ తొరెన్స్‌కి మూడు గంటలు అనుకోవాలి. అదీ మామూలు రోజున. ఫిబ్రవరి శనివారాల్లో ఆ దారిలోనే ఉన్న, అల్బర్‌విల్ నుంచి మూటియే వెళ్ళే రోడ్డు మీదికి ఆ లోయలోని స్కీ ఊళ్ళవాళ్ళంతా ఒకేసారి వచ్చి పడతారు. ఏ రోజు ఎంత రద్దీయో ఫ్రాన్స్ ప్రభుత్వ ట్రాఫిక్ సర్వీసు ‘బీజోన్ ఫూటే’ ముందే రంగుల్లో చెబుతుంది: ఆకుపచ్చ, నారింజ, ఎరుపు, నలుపు. టికెట్లు కొనే ముందే ఆ క్యాలెండర్ చూడండి. ఎరుపో నలుపో ఉన్న శనివారం తప్పించి ఆదివారం వెళ్ళే వీలుంటే అంతకంటే మంచి నిర్ణయం లేదు.

షేర్డ్ వ్యాన్ సంగతి. ఎనిమిది సీట్ల వ్యాన్‌లో సీటుకింత అని కడతారు. ఇద్దరే పెద్దవాళ్ళయితే ఇదే చవక, ఇదే చాలు. చిన్నపిల్లలుంటే మాత్రం రెండు ఇబ్బందులు. మొదటిది ఎదురుచూపు. మీ విమానం తర్వాత దిగే ఇంకో రెండు కుటుంబాలు వచ్చేదాకా వ్యాన్ కదలదు. ఎంతసేపు ఆపుతారో షరతుల్లో రాసి ఉంటుంది. గంట అని ఉంటే గంటా ఆగాల్సి వస్తుందనుకునే బయల్దేరండి. రెండోది దించే చోటు. కొన్ని కంపెనీలు ఇంటి ముందు దించుతాయి, కొన్ని ఊళ్ళో బస్టాండు దగ్గర దించి వెళ్ళిపోతాయి. రాత్రి తొమ్మిదింటికి, మంచులో, నాలుగు సూట్‌కేసులతో ఆఖరి 600 మీటర్లు ఎత్తు ఎక్కాలంటే పిల్లలతో నరకం. బుక్ చేసేటప్పుడు ఇంటి అడ్రసు ఇచ్చి, సరిగ్గా ఎక్కడ దించుతారో మెయిల్లో రాయించుకోండి.

తిరుగు ప్రయాణంలో ఇదే వ్యాన్ ఇంకాస్త ఇరుకున పెడుతుంది. అందరి విమానాల్లో ముందు బయల్దేరేదాన్ని బట్టి టైము పెడతారు కాబట్టి, మీ విమానానికి అయిదు గంటల ముందే ఇంటి దగ్గర ఎక్కించుకునే అవకాశం ఉంది.

ప్రైవేటు వ్యాన్‌లో ఈ గొడవలేవీ ఉండవు. మనిషికింత అని కాదు, బండికింత. నలుగురు ఎక్కినా ఎనిమిది మంది ఎక్కినా దాదాపు అదే రేటు కనుక రెండు కుటుంబాలు కలిసి వెళ్తే దీన్ని మించింది లేదు. విమానం నంబరు తప్పకుండా ఇవ్వండి, ఆలస్యమైతే డ్రైవర్ దాన్ని బట్టి వస్తాడు. పికప్ టైముగా విమానం నేలకి దిగే సమయమే రాసేయడం అందరూ చేసే తప్పు. బ్రిటన్ నుంచి వచ్చేవాళ్ళకి పాస్‌పోర్టు చెకింగ్ ఉంటుంది. 2025 అక్టోబర్ 12న ఒకే వీసాతో తిరగగలిగే షెంగెన్ దేశాల్లో కొత్త ఎంట్రీ ఎగ్జిట్ పద్ధతి మొదలైంది, యూరోపియన్ యూనియన్, షెంగెన్ దేశాల పాస్‌పోర్టు లేనివాళ్ళ ఫొటో, వేలిముద్రల వివరాలు అందులో నమోదవుతాయి (పన్నెండేళ్ళ లోపు పిల్లలకి వేలిముద్రలు ఉండవు). ఆ క్యూ, తర్వాత బ్యాగులు, తర్వాత స్కీ బ్యాగులొచ్చే వేరే బెల్టు. కనీసం దిగిన గంట తర్వాతి టైము ఇవ్వండి.

ప్రైవేటు వ్యాన్ వాళ్ళని అడగాల్సిన ఇంకో మాట, దారిలో సూపర్ మార్కెట్ దగ్గర ఓ అరగంట ఆపుతారా అని. చాలామంది కొంత అదనంగా తీసుకుని ఆపుతారు. వంట చేసుకునే కుటుంబాలకి ఇది చాలా పెద్ద సాయం. బియ్యం, పాలు, పెరుగు, కూరగాయలు కొండ కింద దారిలో వచ్చే క్లూజ్‌ ఊళ్ళోనో సలాంష్‌లోనో కొనుక్కుంటే, కొండ మీది చిన్న కొట్ల ధరలు తప్పుతాయి. ఆదివారం మధ్యాహ్నం తర్వాత చాలా కొట్లు మూసేస్తారు, అది గుర్తుంచుకోండి.

మరీ చవగ్గా తీసుకెళ్తామని సోషల్ మీడియాలో కనిపించే ప్రకటనల జోలికి వెళ్ళకండి. లైసెన్సు లేని బండిలో ప్రయాణికులకి ఇన్సూరెన్స్ వర్తించకపోవచ్చు, మంచు రోడ్డు మీద అది చిన్న విషయం కాదు.

ఇక అద్దె కారు. జెనీవా ఎయిర్‌పోర్టుకి స్విస్ వైపు, ఫ్రెంచ్ వైపు అని రెండు భాగాలున్నాయి. అద్దె కార్ల కౌంటర్లు రెండు వైపులా ఉంటాయి, వెబ్‌సైట్లలో ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. ఫ్రెంచ్ వైపు రేటు తక్కువ చూసి బుక్ చేసినవాళ్ళకి అసలు లెక్క తర్వాత తెలుస్తుంది.

స్విస్ వైపు కారుకి మోటార్‌వే పన్ను చీటీ, అంటే విన్యెట్, కట్టే ఉంటుంది. చలికాలంలో మామూలుగా వింటర్ టైర్లూ ఉంటాయి. ఫ్రెంచ్ వైపు కారుకి విన్యెట్ ఉండదు, టైర్లు విడిగా అడిగితే తప్ప గ్యారంటీ లేదు. షామొనీకైనా మోర్జీన్‌కైనా దగ్గరి దారి జెనీవాని చుట్టివెళ్ళే స్విస్ మోటార్‌వే మీదుగానే. విన్యెట్ లేకుండా దాని మీదికి ఎక్కితే 200 ఫ్రాంకుల జరిమానా, పైగా విన్యెట్ ఖరీదు. అది తప్పించుకోవాలని ఫ్రాన్స్‌లోనే ఉన్న బెల్‌గార్డ్ వైపు నుంచి చుట్టి వెళ్తే చాలా సమయం పోతుంది. విన్యెట్ 40 ఫ్రాంకులు, ఒక్క రోజుకైనా ఏడాదికైనా అదే. 2023 ఆగస్టు నుంచి ఆన్‌లైన్‌లో బండి నంబరు మీద కొనుక్కోవచ్చు, కాబట్టి తాళాలు చేతికొచ్చాక కౌంటర్ దగ్గరే ఫోన్‌లో కొనేయండి. తిరిగి ఇచ్చేటప్పుడూ జాగ్రత్త. ఫ్రెంచ్ వైపు కారుని ఫెర్నే-వోల్తేర్ ఊరి మీదుగా వెళ్ళే ప్రత్యేకమైన రోడ్డులోంచి తీసుకెళ్ళి ఇవ్వాలి. ఫోన్‌లో ఊరికే ‘జెనీవా ఎయిర్‌పోర్ట్’ అని కొడితే అది స్విస్ వైపు తీసుకెళ్ళి నిలబెడుతుంది, అక్కడి నుంచి వెనక్కి తిరిగి ఫ్రాన్స్‌లోకి వెళ్ళి మళ్ళీ రావాలి. విమానం గంటన్నరలో ఉన్నప్పుడు ఈ పొరపాటు చాలా ఖరీదు. తేడా నలభై యాభై యూరోలు దాటనంతవరకూ స్విస్ వైపు కారే తీసుకోండి.

టైర్ల విషయంలో ఫ్రాన్స్ చట్టం స్పష్టంగా ఉంది. కొండ ప్రాంతాలుగా గుర్తించిన ఊళ్ళలో నవంబర్ 1 నుంచి మార్చి 31 దాకా నాలుగు చక్రాలకీ వింటర్ టైర్లుండాలి, లేదా కనీసం రెండు చక్రాలకి సరిపడా చెయిన్లో గుడ్డ తొడుగులో బండిలో ఉండాలి. 2021లో ఈ నియమం వచ్చింది. 2024 నవంబర్ నుంచి టైరు పక్కన మూడు శిఖరాల కొండ, దాని మధ్యలో మంచు పువ్వు బొమ్మ ఉంటేనే వింటర్ టైరు కింద లెక్క. ‘ఎం ప్లస్ ఎస్’ (బురద, మంచు అనే గుర్తు) అని మాత్రమే ఉంటే చాలదు. కారు తీసుకునేటప్పుడు వంగి నాలుగు టైర్ల మీదా ఆ బొమ్మ చూడండి.

వింటర్ టైర్లున్నా చెయిన్లు అడిగి తీసుకోండి. మంచు గట్టిగా పడుతుంటే, నీలం గుండ్రం బోర్డు మీద చెయిన్ వేసిన టైరు బొమ్మ కనిపించిన చోట చెయిన్లు వేసుకోవాల్సి రావచ్చు. చెయిన్ల పెట్టె మీద రాసిన సైజు, ఉదాహరణకి 205/55 ఆర్16, టైరు మీద ఉన్నదానితో అక్షరం పొల్లు పోకుండా కలవాలి. కలవని చెయిన్లు డిక్కీలో ఉన్నా లేనట్టే. వేసే పద్ధతి ఎయిర్‌పోర్టు పార్కింగులో, పొడి నేల మీద, ఒక్కసారి చేసి చూడండి. చీకట్లో మొదటిసారి చేయడం పిల్లల ముందు పెద్ద పరీక్ష అవుతుంది.

దారిలో చెయిన్లు వేయాల్సి వస్తే, చదునుగా ఉన్న చోట రోడ్డు దిగి ఆపి, నాలుగు మూలలా మిణుకుమనే హజార్డ్ లైట్లు వేసి, మెరిసే జాకెట్ తొడుక్కోవాలి (ఫ్రాన్స్‌లో ప్రతి కారులోనూ జాకెట్టూ త్రికోణం బోర్డూ ఉండి తీరాలి). మామూలు అద్దె కార్లలో ఎక్కువ భాగం ముందు చక్రాలతో నడిచేవే, అంటే చెయిన్లు ముందు చక్రాలకి. వెనక చక్రాలకి వేస్తే బండి ఎక్కదు, మలుపులో అదుపూ ఉండదు. చెయిన్ నేల మీద పరిచి మెలికలు తీయండి. గట్టి తీగ వలయాన్ని చక్రం వెనక నుంచి దూర్చి, రెండు కొసలూ పైన కలిపి లాక్ చేయండి. తర్వాత ముందు వైపు చెయిన్ సర్ది కొక్కెం తగిలించి, కింద వేలాడే చెయిన్‌ని లాక్‌లోంచి గట్టిగా లాగి, దాని చివర ఉన్న రబ్బరు కొక్కేన్ని పక్క లింకుకి పెట్టేయాలి. కొక్కేల మొనలు టైరు వైపు కాక బయటికి ఉండాలి, లేకపోతే టైరు పక్క కోసుకుపోతుంది. యాభై మీటర్లు నడిపి ఆపి మళ్ళీ బిగించండి. చాలామంది వదిలేసేది ఈ ఆఖరి మెట్టే, చెయిన్ ఊడిపోవడానికి ముఖ్య కారణం కూడా ఇదే. 50 కిలోమీటర్ల వేగం దాటకండి. నల్ల తారు కనిపించగానే తీసేయండి, తారు మీద నడిపితే చెయిన్ తెగి చక్రం పైనుండే మడ్‌గార్డు లోపల కొడుతుంది.

రాత్రి చలికి పాటించాల్సినవి నాలుగున్నాయి: వైపర్లు పైకి ఎత్తి ఉంచడం, చేత్తో లాగే హ్యాండ్ బ్రేక్ అయితే వేయకుండా గేరులో వదలడం (తడి బ్రేకు గడ్డకట్టి ఉదయం వదలదు), మైనస్ 20కి పనికొచ్చే వాషర్ నీళ్ళు, డీజిల్ కారయితే కొండ దగ్గరి బంకులో పోయించడం.

నలుగురు కుటుంబానికి లెక్క ఎలా వేయాలో చూద్దాం. అంకెలు ఉదాహరణకి మాత్రమే, మీ వారం రేట్లు పెట్టుకోండి. షేర్డ్ వ్యాన్ మనిషికి ఒక వైపు 45 యూరోలైతే రానూ పోనూ 360. ప్రైవేటు వ్యాన్ ఒక వైపు 280 అయితే 560. కారు వారానికి 420 అని వెబ్‌సైట్‌లో చూసి చవకనుకుంటాం. దానికి రెండు చైల్డ్ సీట్లు 90, ఎక్సెస్ (కారు దెబ్బతింటే మనం కట్టాల్సిన వాటా) తగ్గించే ఇన్సూరెన్స్ 110, టోలూ డీజిలూ 60, ఊళ్ళో పార్కింగ్ 80 కలపండి, 760 అయింది. పైగా డిపాజిట్. నడిపేవారి పేరు మీదున్న క్రెడిట్ కార్డు లేకపోతే చాలా కౌంటర్లలో తాళాలు ఇవ్వరు. భార్య పేరు మీద బుకింగు, భర్త కార్డు అంటే అక్కడే ఆగిపోతుంది.

చైల్డ్ సీట్ల ఖర్చు తగ్గాలంటే మీ బూస్టర్లు మీరే తెచ్చుకోండి, చాలా ఎయిర్‌లైన్లు వాటికి ఛార్జీ తీసుకోవు. స్విట్జర్లాండ్‌లో పన్నెండేళ్ళు నిండేదాకా, లేదా 150 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేదాకా సీటు తప్పదు. ఫ్రాన్స్‌లో పదేళ్ళ లోపు. వ్యాన్ వాళ్ళు బూస్టర్లు మామూలుగా ఇస్తారు కానీ, ఏడాది పిల్లల సీటు అడిగి రాయించుకోకపోతే బండిలో ఉండదు.

ఇండియా లైసెన్సు మీద నడపాలనుకునేవాళ్ళు ఆర్టీవో ఆఫీసులో ఇచ్చే ఇంటర్నేషనల్ పర్మిట్ వెంట ఉంచుకోండి, ఏడాదే చెల్లుతుంది. భారత పాస్‌పోర్టు మీద వెళ్ళేవాళ్ళు వీసా ఫ్రాన్స్‌కి అడగాలి, దిగేది జెనీవాలోనైనా. ఎక్కువ రాత్రులు గడిపే దేశానికే దరఖాస్తు.

ఊరిని బట్టి మా తీర్పు ఇదీ. మోర్జీన్, లె జే: ప్రైవేటు వ్యాన్. ఊళ్ళో ఉచిత బస్సులున్నాయి. అవొరియాజ్: కారు వద్దే వద్దు, ఆ ఊళ్ళోకి కార్లు రానివ్వరు, ప్రవేశం దగ్గరి పార్కింగులో వదిలి స్లెడ్జి బండిలో వెళ్ళాలి. కింద ప్రొదాన్ దగ్గర దిగి, తీగల మీద కొండ ఎక్కే గొండోలా ఎక్కితే ఇంకా తేలిక. వాల్ తొరెన్స్‌లో సామాను దించాక కారుని డబ్బులు కట్టే పార్కింగులో పెట్టాల్సిందే, అక్కడా వ్యానే. షామొనీ ఒక్కటే నిజంగా ఆలోచించాల్సిన చోటు. స్కీ చేసే కొండలు లోయ పొడవునా విడివిడిగా ఉంటాయి, ఒక్కో రోజు ఒక్కో చోటికి వెళ్ళాలి. బస ఇచ్చేవాళ్ళిచ్చే గెస్ట్ కార్డుతో బస్సులూ లోయ రైలూ ఉచితమే కానీ, నాలుగేళ్ళ పిల్లతో, స్కీలతో నిండిన బస్సులో ఉదయం తొమ్మిదింటికి నిలబడటం అందరివల్లా కాదు. బస రైల్వే స్టేషనుకి దూరమైతే షామొనీకి స్విస్ వైపు కారు తీసుకోండి. ఊరికి పది కిలోమీటర్ల అవతల చవకగా ఇల్లు దొరికిందని తీసుకున్నా అంతే.

తిరిగొచ్చే శనివారం మధ్యాహ్నం పన్నెండుకి విమానం ఉంటే, మోర్జీన్ నుంచి కారులో ఉదయం ఆరున్నరకల్లా కదలాలి. ముందు రోజు సాయంత్రమే బండి చుట్టూ మంచు తవ్వి, డీజిల్ నింపి, రిమ్ములకీ అద్దానికీ వెలుతురుండగా ఫొటోలు తీసి పెట్టుకోండి.