కచేరీల కీబోర్డుకు కర్నూలులో చేయించిన పెట్టె: దెబ్బలకు సరే, ఎండ మాటేమిటి?

బండి మాట్లాడుకుని కచేరీలకు వెళ్లే వాద్యకారులకు ఈ పెట్టె చేయించుకోమని గట్టిగా చెబుతాను. కీబోర్డు భుజాన వేసుకుని బస్సెక్కేవారు మాత్రం దీని జోలికి వెళ్లకండి. తొందరలో ఉన్నవారికి ఇంతే సంగతి. డబ్బు పెట్టే ముందు నాలుగు వైపులా చూసుకునేవారు మిగతాది చదవండి.

నేను కర్నూలులో ఒక ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తాను. నాది యమహా పీఎస్‌ఆర్-ఎస్‌ఎక్స్900. 61 మెట్లు (కీలు), 11.5 కిలోల బరువు. మాఘంలో పెళ్లిళ్లు, జనవరిలో ఎమ్మిగనూరు జాతర, వినాయక చవితికి వీధి మంటపాలు, డిసెంబరు వస్తే చర్చిలు. స్టేజీ మీద ఉన్నంతసేపు కీబోర్డుకు ఏ ప్రమాదమూ లేదు, నా చేతి కిందే ఉంటుంది కదా. దెబ్బలన్నీ ఎక్కించేటప్పుడు, దించేటప్పుడు, దారిలోనూ తగిలేవే. ఇంతకుముందు మెత్తటి సంచి వాడేవాణ్ణి. ఒక ప్రైవేటు బస్సు డిక్కీలో ఆ సంచి మీద ఉల్లిగడ్డల బస్తాలు వేశారు. ఆదోనిలో దించి చూస్తే రెండు తెల్ల మెట్లు విరిగాయి, స్వరం వంచే చిన్న పుల్ల, జాయ్‌స్టిక్, ఒక పక్కకు ఒరిగింది. "లోపల ఏముందో మాకేం తెలుసు సార్" అన్నాడు క్లీనరు. అతనితో వాదించి లాభం లేదు. ఆ సంచి పైనుంచి చూస్తే దుప్పట్ల మూటలాగే ఉంటుంది.

కొండారెడ్డి బురుజు దాటి వన్‌టౌన్ సందుల్లోకి వెళితే ఈ పెట్టెల దుకాణం వస్తుంది. బోర్డు లేదు. సౌండ్ సిస్టం వాళ్లలో ఎవరిని అడిగినా దారి చెబుతారు. యాంప్లిఫయర్ ర్యాకులు, మిక్సర్ల పెట్టెలు చేసి చేసి చేయి తిరిగిన పెద్దాయన, ఆయన అల్లుడు కలిసి నడుపుతారు. నేను కంపెనీ పుస్తకంలోని కొలతలు కాగితం మీద రాసుకుని వెళ్లాను: 1017, 431, 139 మిల్లీమీటర్లు. ఆయన ఆ కాగితాన్ని చూడనైనా చూడలేదు.

"వస్తువు తీసుకురండి సారూ. పుస్తకంలో పొడవు, వెడల్పు ఉంటాయి. బుడిపెలు ఉండవు."

"భాయ్, ఇది కంపెనీవాళ్లు ఇచ్చిన లెక్క."

"కంపెనీవాళ్లు పెట్టె చేయరు కదా."

కీబోర్డు తీసుకెళ్లాను. నేలమీద పాత దినపత్రికలు పరిచి, వాటిమీద దాన్ని పడుకోబెట్టి, పెన్సిలుతో చుట్టూ గీత గీశారు. నాబ్‌లు, జాయ్‌స్టిక్, వెనకవైపు జాక్‌లు ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తులు పెట్టారు. తర్వాత టేపు పట్టి 40, 17, ఐదున్నర అంగుళాలని సుద్దతో గోడమీద రాసుకున్నారు. లెక్క వేస్తే నా కాగితంలో ఉన్నదీ అదే. అయినా బుడిపెల విషయంలో ఆయన మాటే నెగ్గింది. ఈ మోడల్‌లో స్వరం వంచడానికి పాతవాటిలోని చక్రాలకు బదులు జాయ్‌స్టిక్ పెట్టారు. మూత లోపలి ఫోము చదునుగా ఉంటే, పైన ఏ బరువు పడినా ముందు నలిగేది అదే. ఆయన సరిగ్గా అక్కడ ఫోములో గుంట కోశారు. తెర ఉన్న చోట ఫోము పలచన చేశారు. బరువంతా రెండు చివర్ల గట్టి అంచుల మీద పడేలా కూర్చారు. నేను అడగకుండానే చేసిన పనులివి. ఈ దుకాణానికి నేనిచ్చే మార్కుల్లో సగం ఇక్కడే పడ్డాయి.

ఫోము దగ్గర మాత్రం మా ఇద్దరికీ కుదరలేదు. ఆయన అందరికీ వేసేది సోఫాల ఫోము. మెత్తగా ఉంటుంది, చవక, చూడటానికీ బాగుంటుంది. కాని ఆ పాలియురెథేన్ ఫోము కొన్నేళ్లకు వేడికీ తేమకూ చివికి, జిగటగా మారి, పొడిపొడిగా రాలుతుంది. ఆ పొడి మెట్ల సందుల్లోంచి కిందికి దిగి నొక్కును పసిగట్టే రబ్బరు కాంటాక్టుల మీద చేరితే, ఒక మెట్టు మూగబోతుంది, ఇంకొకటి ఎంత మెల్లగా నొక్కినా అరుస్తుంది. చెప్పుల అడుగులకు వాడే రకం, గట్టి ఈవీఏ ఫోము కావాలన్నాను. హైదరాబాదు నుంచి తెప్పించాలి, ధర పెరుగుతుంది, ఆలస్యమవుతుంది అన్నారు. మూడూ నిజమే అయ్యాయి. మెట్లకు తగిలే చోట రెక్సిన్ వద్దని, నూలుగుడ్డ అంటించమని కూడా పట్టుబట్టాను. వినైల్, ప్లాస్టిక్, రబ్బరు వస్తువులు పైన ఉంచితే రంగు మారవచ్చని యమహా పుస్తకంలోనే హెచ్చరిక ఉంది. గుడ్డ వేస్తే "సోకు తగ్గుతుంది సారూ" అని ఆయన బాధ. తగ్గింది కూడా.

ఇక కట్టుబడి. 9 మిల్లీమీటర్ల ప్లైవుడ్, పైన లామినేట్, అంచులకు అల్యూమినియం యాంగిల్, మూలలకు ఉక్కు గుండ్లు, పక్కలకు స్ప్రింగు హ్యాండిళ్లు, ముందు సీతాకోక లాకులు (రెక్కలు తిప్పి బిగించేవి). ప్లైవుడ్ ఐఎస్ 303 అనే ప్రమాణం రకం, అంటే మామూలు తేమను ఓర్చుకునేదే తప్ప నీళ్లలో నానేది కాదు. నీటికి నిలిచే ఐఎస్ 710 వేయమంటారా అని అడిగారు, వద్దన్నాను. వానలో కీబోర్డును ఆరుబయట వదిలేసే ఆర్కెస్ట్రా అయితే, పెట్టెకన్నా ముందు మేనేజరును మార్చుకోవాలి. ఎడాప్టరుకు, పెడల్‌కు వెనకవైపు వేరే అర చేయించాను. ఈ మోడల్‌కు వచ్చే పీఏ-300సీ ఎడాప్టరు 16 వోల్టులది, చేతికందిన 12 వోల్టులది పెట్టి పని జరుపుకుందామంటే కుదరదు. అది పోతే ఆ రాత్రికి కచేరీ లేనట్టే, కాబట్టి దానికి సొంత గది ఉండాల్సిందే.

మొత్తం 11,000 రూపాయలు అయింది.

బరువు దగ్గరకు వద్దాం. ఖాళీ పెట్టే 16 కిలోలు తూగింది. కీబోర్డు, ఎడాప్టరు, పెడల్ కలిపితే 28 దాటుతుంది. ఒక్కడే ఎత్తి నాలుగు స్టేజీ మెట్లు ఎక్కితే ఆ రాత్రి వేళ్లు వాయించే స్థితిలో ఉండవు. 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో చేయిస్తే మూడు నాలుగు కిలోలు తగ్గుతుంది. పైన స్పీకర్లు పెట్టరన్న నమ్మకం ఉంటే అదే చేయించుకోండి, మా బండిలో ఆ నమ్మకం లేదు. ఒక చివర పెట్టిన చక్రాలు మరీ చిన్నవి, గట్టి నైలానువి. ఫంక్షన్ హాలు నున్నటి నేలమీద చక్కగా దొర్లుతాయి, బయట కంకర మీద అడుగు కదలవు. సిమెంటు రోడ్డు మీద లాగితే ఆ అదురంతా లోపలికే వెళుతుంది. రబ్బరు టైరున్న పెద్ద చక్రాలు అడగండి. రోలాండ్ జూనో-డీఎస్61 లాంటి 5.3 కిలోల కీబోర్డు వాయించేవారికి ఇంత పెట్టె అవసరమే లేదు, మంచి సంచి కొనుక్కుని బస్సులో ఒళ్లో పెట్టుకోవచ్చు.

బండిలో దీని పనితనానికి పేరు పెట్టలేను. మేము ఎక్కువగా టాటా ఏస్ మాట్లాడుకుంటాం. కోడుమూరు మీదుగా ఎమ్మిగనూరు వెళ్లే దారిలో పెట్టె అడుగున, దానిమీద స్పీకర్లు, స్పీకర్ల మీద మా ప్యాడ్స్ (ఎలక్ట్రానిక్ డ్రమ్ములు) వాయించే తమ్ముడు. దించాక తెరిచి చూస్తే జాయ్‌స్టిక్ నిటారుగా ఉంది. కొన్నాళ్లకు ఒక మూల రివెట్ ఊడితే పెద్దాయన డబ్బు తీసుకోకుండా కొట్టి ఇచ్చారు. ఇంకో లోపం: మూతకు, అడుగు పెట్టెకు మధ్య సన్నటి సందు ఉంది. పెద్ద కంపెనీల కేసుల్లో ఒక అంచు రెండో అంచులో దిగేలా అల్యూమినియం వాడతారు, ఇక్కడిది ఉత్త యాంగిల్. చేల దారిలో వెళితే నల్లరేగడి దుమ్ము లోపల గీతలా పడుతుంది. తలుపులకు అంటించే రబ్బరు బీడింగ్ కొని చుట్టూ అంటించాను, దుమ్ము ఆగింది. ఆ బీడింగ్ దుకాణంలోనే వేసి ఇవ్వాల్సింది.

ఇంత చేసినా మన ఊళ్లో కీబోర్డుకు అసలు శత్రువు బస్తా కాదు, ఎండ. ఈ కీబోర్డును 5 నుంచి 40 డిగ్రీల మధ్య వాడాలని కంపెనీ చెబుతుంది. పగటిపూట కారులో వదలవద్దని కూడా ప్రత్యేకంగా రాసింది. మే నెలలో కర్నూలులో నీడపట్టునే 40 దాటుతుంది, మూసిన బండి లోపల సంగతి చెప్పనక్కరలేదు. అందుకే నల్ల లామినేట్ వద్దు, తెల్లది వేయమన్నాను. "తెల్లది మాసిపోతుంది సారూ, అందరూ నల్లదే అడుగుతారు" అన్నారు. నిజంగానే మాసిపోయింది. పసుపు, కుంకుమ, గ్రీజు, టీ మరకలు అన్నీ దానిమీదే. కాని ఒకే మంటపం ముందు ఎండలో నిలిచిన మా మిక్సర్ నల్ల పెట్టె మీద చేయి పెట్టలేకపోయాం, దీనిమీద పెట్టగలిగాం. రంగు ఏదైనా ఇంకొకటి తెలుసుకోవాలి: ఫోము, ప్లైవుడ్ వేడిని ఆలస్యంగా లోపలికి రానిస్తాయి, అంతే ఆలస్యంగా బయటికి పోనిస్తాయి. బండి దిగగానే మూత తెరిచి, నీడలో కాసేపు వదిలి, ఆ తర్వాతే స్విచ్ వేయాలి. వానాకాలంలో ఏసీ హాలు నుంచి ఒక్కసారిగా ఉక్కపోతలోకి తెచ్చినా ఇదే ఓపిక కావాలి, లోపల తేమ పట్టి ఉండవచ్చు.

ఇంట్లో ఎక్కడ పెట్టాలన్నది ఇంకో తలనొప్పి. వన్‌టౌన్‌లో ఉండేవాళ్లం 2009 అక్టోబరు వరద చూశాం. తుంగభద్ర, హంద్రీ కలిసి ఇళ్లలోకి వచ్చాక నేలమీద విలువైన వస్తువు పెట్టడానికి ఎవరికీ మనసొప్పదు. అటక మీద పెడదామంటే, స్లాబు కింద ఉండే అటక వేసవిలో ఇంట్లోకెల్లా వేడి చోటు. నేను మేడమీది గదిలో, ఎండ తగలని లోపలి గోడ పక్కన, ఇటుకల మీద పలక వేసి పెట్టాను. ఇటుకలు చెదల కోసం, ప్లైవుడ్ అంటే వాటికి మహా ఇష్టం. పెట్టెను నిలబెట్టను, పడుకోబెట్టే ఉంచుతాను, దానిమీద ఇంకేమీ పెట్టనివ్వను. మా ఇంటావిడ దానిమీద అప్పడాలు ఆరబెట్టుకుంటానని అడిగింది, దానికీ ఒప్పుకోలేదు. లోపల సిలికా జెల్ పొట్లాలు వేస్తాను. నీలి గింజలు గులాబీ రంగుకు తిరిగితే తేమ నిండినట్టు, వేడి చేస్తే మళ్లీ నీలం అవుతాయి. వాయించే పని లేని ఆషాఢంలో కూడా అప్పుడప్పుడు మూత తీసి గాలి తగలనివ్వాలి. కొత్త పెట్టె అయితే మరీ ముఖ్యం, జిగురు వాసన పూర్తిగా పోయేదాకా కీబోర్డును అందులో పెట్టకండి.

చేయించుకునేవారికి కొన్ని సంగతులు. సగం డబ్బు ముందే ఇవ్వాలి. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ దుకాణం మూసి ఉంటుంది. వినాయక చవితికి ముందు వెళితే సౌండ్ సిస్టం వాళ్ల పెట్టెలతో నిలబడటానికి చోటుండదు, అప్పుడు చెప్పిన తేదీని నమ్మవద్దు. ఫోము, రంగు, చక్రాలు, బీడింగ్, ఈ నాలుగూ అడ్వాన్సు ఇచ్చే ముందే గోడమీద మీ కొలతల పక్కన రాయించుకోండి. ఆయన గోడ చూసుకునే పని చేస్తారు.