ఆగితే ఊగుతుంది: బెర్‌ట్రామ్ 31తో 12 ఏళ్ళు

మా అమ్మ కాకినాడ నుంచి వచ్చినప్పుడు ఒకసారి మయామీ దగ్గర మా పడవ ఎక్కించాం. రేవు దాటి సముద్రంలోకి వెళ్ళేదాకా హుషారుగానే కూర్చుంది. చేపలు పడదామని ఇంజిన్లు న్యూట్రల్‌లో పెట్టిన పది నిమిషాలకు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "వెళ్తున్నంతసేపూ బాగానే ఉంది కదరా, ఆపితేనే తిప్పుతోందేంటి?" అంది. ఈ పడవ గురించి అంతకంటే సూటిగా చెప్పినవాళ్ళు నాకింకా తగల్లేదు. ఆవిడ ఆ ఒక్క మాటలో అన్నదాన్నే నేను కాస్త వివరంగా రాస్తున్నాను.

పడవ బెర్‌ట్రామ్ 31, 1970లలో తయారైంది. పొడవు 30 అడుగుల 7 అంగుళాలు, వెడల్పు 11 అడుగుల 2 అంగుళాలు. పైన నిలబడి నడపడానికి ఫ్లైబ్రిడ్జి ఉంది. నేనూ, భీమవరం నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ నా మిత్రుడూ చెరిసగం వేసుకుని కొన్నాం. వరసకు ఏమీ కాకపోయినా ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం. అప్పటికే అసలు పెట్రోలు ఇంజిన్లు పోయి రెండు డీజిల్ ఇంజిన్లు వచ్చాయి. మేం కొన్నది ఇంజిన్లను చూసి కాదు, పడవ అడుగును చూసి. దాని వెనక ఒక కథ ఉంది.

1958లో అమెరికాలోని న్యూపోర్ట్‌లో అమెరికాస్ కప్ తెరచాప పందేల హడావుడి నడుస్తోంది. అక్కడ అలలు లేచిన నీళ్ళలో ఒక చిన్న మోటారు పడవ ఏమీ పట్టనట్టు దూసుకుపోవడం మయామీలో పడవల వ్యాపారి అయిన డిక్ బెర్‌ట్రామ్ కంట పడింది. దాన్ని గీసింది రే హంట్ అనే అమెరికన్ డిజైనర్. బెర్‌ట్రామ్ అదే పద్ధతిలో తనకో పెద్ద చెక్క పడవ కట్టించుకుని, భార్య ముద్దుపేరైన 'మోపీ' అనే పేరు పెట్టాడు. 1960 ఏప్రిల్‌లో మయామీ నుంచి బహామాస్‌లోని నాసోకు పందెం జరిగింది. ఆ రోజు సముద్రం బాగా రేగి ఉంది. శామ్ గ్రిఫిత్ నడిపిన మోపీ సుమారు 8 గంటల్లో నాసో చేరింది. రెండో పడవ రెండు గంటలు ఆలస్యంగా వచ్చింది. జిమ్ విన్ నడిపిన ఆ పడవ మోపీ కంటే చిన్నది, దాని అడుగు కూడా ఇదే రకం. మిగతావాటిలో గమ్యం చేరినవి మర్నాడు చేరాయి. ఆ చెక్క పడవ ఆకారంతోనే అచ్చు తీసి ఫైబర్‌గ్లాస్‌లో పోసినదే బెర్‌ట్రామ్ 31. 1961లో అమ్మకం మొదలై 1980లదాకా సాగింది, మొత్తం 1800కు పైగా తయారయ్యాయి. మాది వాటిలో ఒకటి.

ఇంతకీ ఆ అడుగులో ఏముంది? నీళ్ళ మీద అరచెయ్యి చాచి కొట్టి చూడండి, చురుక్కుమంటుంది. అదే చెయ్యిని నిలువుగా తిప్పి అంచుతో కొడితే మెత్తగా దిగిపోతుంది. మా వైపు జాలర్లు పడవ ముందు భాగాన్ని అణియం, వెనక భాగాన్ని అమరం అంటారు. హంట్‌కు ముందు వేగంగా వెళ్ళే పడవలకు అణియం దగ్గర అడుగు కత్తిలా ఉండేది, అమరానికి వచ్చేసరికి పళ్ళెంలా చదునైపోయేది. చదునుగా ఉంటే పడవ సులువుగా నీళ్ళ మీదికి లేస్తుంది, తక్కువ ఇంజిన్‌తో వేగం వస్తుంది. కానీ అల మీంచి ఎగిరి కింద పడినప్పుడు దెబ్బ నేరుగా నడుముకు తగులుతుంది. హంట్ ఆ కత్తి కోణాన్ని అమరం చివరిదాకా లాక్కొచ్చాడు. డెడ్‌రైజ్ అనే ఈ కోణం మా పడవ వెనక గోడ దగ్గర కూడా 23 డిగ్రీల వరకు ఉంటుంది. అంత కోసుగా ఉన్నది నీళ్ళలోంచి లేవాలి కాబట్టి అడుగు పొడవునా సన్నని పట్టీలు పెట్టాడు. వేగం అందుకునేసరికి అవి నీళ్ళను కిందికీ పక్కలకూ నెట్టి పడవను పైకెత్తుతాయి. లోతైన వీ, అంటే డీప్ వీ అనేది ఇదే. అప్పటినుంచి సముద్రంలో పరుగెత్తే పడవలు గీసిన ప్రతివాడూ దీని దగ్గర ఎంతో కొంత అప్పు తీసుకున్నవాడే.

ఇదంతా కాగితం మీద చదివితే ఒంటికి ఎక్కదు. నాకు ఎక్కింది ఒక డిసెంబరులో, బిమిని నుంచి తిరిగొస్తుంటే. బిమిని బహామాస్‌లోనే ఉన్న చిన్న దీవి, మయామీకి సుమారు 50 మైళ్ళు. మధ్యలో గల్ఫ్ స్ట్రీమ్ అనే సముద్ర ప్రవాహం ఉత్తరానికి నదిలా పారుతుంటుంది. దానికి ఎదురుగా ఉత్తరపు గాలి వీచిందా, అలలు గోడల్లా, దగ్గర దగ్గరగా లేస్తాయి. ఆ రోజు గాలి మేం అనుకున్నదానికంటే నాలుగు గంటలు ముందే తిరిగింది. మాతో పాటే బయల్దేరిన ఒక కొత్త పడవ, మాకంటే పొడవైనదే, ఏ కంపెనీదో అనవసరం, కాసేపటికి నడక వేగానికి దిగిపోయి వెనకబడింది. మేం 15 నాట్ల దగ్గర, అంటే గంటకు సుమారు 28 కిలోమీటర్ల దగ్గర, నిలబెట్టుకుని వచ్చేశాం. హాయిగా వచ్చామని అబద్ధం చెప్పను. ఒళ్ళంతా ఉప్పు, మోచెయ్యి వాచింది, బావ దారి పొడుగునా ఆంజనేయ దండకం చదువుతూనే ఉన్నాడు. కానీ ఒక్కసారి కూడా పడవ అడుగు 'ఫట్' మని కొట్టలేదు. ప్రతి అలా చీలి పక్కకు తప్పుకుంది. రేవులో తాడు కట్టాక నేను నీళ్ళలోకి వంగి ఆ పట్టీలలో ఒకదాన్ని చేత్తో తడిమాను. పిచ్చి పని అని బావ నవ్వాడు.

ఇక రెండో వైపు. కోసుగా ఉన్న అడుగును నిలబెట్టేది వేగమే. ఆగిన మరుక్షణం గుండ్రటి చెంబును నీళ్ళలో వదిలినట్టే ఉంటుంది. బావ మాటల్లో చెప్పాలంటే "కోళ్ళు విరిగిన మంచం". పక్క అలలో ఆగి గాలం వేయడం చేతగానివాళ్ళకు ఈ రకం అడుగు పనికిరాదు. నాకే రెండేళ్ళు పట్టింది. ఉప్పాడ ఒడ్డున ఇసుకలోకి లాగే పడవకు ఇలాంటి అడుగు పెడితే ఒక పక్కకు ఒరిగి పడుకుంటుంది. అక్కడి అలకూ ఒడ్డుకూ చదును అడుగే సరి. హంట్ గీత గొప్పదే, కానీ అన్ని సముద్రాలకూ కాదు.

గాలి పక్క నుంచి వస్తే ఇంకో తమాషా. దారి తప్పకుండా స్టీరింగ్ గాలివైపు పట్టి ఉంచుతాం కదా, పడవ కూడా అటే ఒరిగిపోతుంది. అప్పుడు తుంపర నేరుగా ఫ్లైబ్రిడ్జి మీద ఉన్నవాడి మొహానికే. వెనక ఉండే, ఒరుగును సరిచేసే పలకలైన ట్రిమ్ ట్యాబ్‌లతో సర్దుకోవచ్చు గానీ తుంపర తప్పదు. మా ఆవిడ పైకి రావడం మూడో ఏడాదే మానేసింది.

ఇంజిన్లు రెండూ డెక్ మీదే పెట్టెల్లో ఉంటాయి. మూత తీసి చుట్టూ తిరుగుతూ పని చేసుకోవచ్చు. ఆ పెట్టెలే కూర్చునే సీట్లు కూడా. పాత ఆర్టీసీ బస్సుల్లో డ్రైవరు పక్కన ఇంజిన్ బానెట్ మీద కూర్చుని ప్రయాణం చేసినవాళ్ళకు మిగతాది వివరించక్కర్లేదు. డీజిల్ సంగతి కూడా అంతే: 20 నాట్ల దగ్గర మా పడవ గ్యాలనుకు ఒక మైలు ఇస్తే గొప్ప. చదును అడుగు పడవ ఇంతకంటే తక్కువ తాగుతుంది. ఈ పడవ వల్ల కాకుండా మనుషుల వల్ల పడ్డ బాధ ఒకటుంది. ఒక రిపేరు షెడ్డువాళ్ళు ఇంజిన్ నుంచి ప్రొపెల్లర్‌కు వెళ్ళే షాఫ్టు సరిగా కుదర్చకుండా బిగిస్తే ఆ వణుకుకు ఒక సీజన్ మొత్తం పోయింది. యాభై ఏళ్ళ పడవ కొనేవాళ్ళు కొన్న ధరకు సగం పక్కన పెట్టుకుని దిగాలి.

ఈ అడుగు పుట్టించిన వంశం మీద నాకు కాస్త పిచ్చి ఉంది. ఉత్తర మయామీ వైపు 188వ వీధిని థండర్‌బోట్ రో అంటారు. డాన్ ఆరొనౌ ఫార్ములా, డాన్జి, మాగ్నం, సిగరెట్ అనే పడవల కంపెనీలను ఒకదాని తర్వాత ఒకటి పెడుతూ, అమ్మేస్తూ పోయింది ఆ వీధిలోనే. 1967, 1969లలో సముద్రపు మోటారు పడవల పందేల్లో ప్రపంచ చాంపియన్ కూడా ఆయనే. 1987 ఫిబ్రవరిలో అదే వీధిలో కాల్చి చంపారు. నేను చూడబోయేసరికి అక్కడ ఆ పాత సందడి ఆనవాళ్ళు ఏమీ కనబడలేదు. ఆయన పడవలు మా పడవకు తమ్ముళ్ళ లాంటివి. అడుగు అదే, ఒళ్ళు మాత్రం సన్నగా, అణియం బారుగా. కంటికి ఎంత అందమో! కానీ వాటిలో నలుగురు కూర్చుని పులిహోర తినలేరు.

అట్లాంటిక్ అవతల ఇంకో శాఖ. మయామీ పందెం చూసి ఉత్సాహం వచ్చి పత్రికాధిపతి సర్ మాక్స్ ఐట్కెన్ 1961లో ఇంగ్లండ్‌లో కౌస్ నుంచి టోర్కీ వరకు పందెం పెట్టించాడు. అక్కడ పేరు మోసిన డిజైనర్ సన్నీ లెవీ. ఇటాలియన్ కుటుంబమే గానీ కరాచీలో పుట్టినవాడు, బొంబాయిలో తండ్రిగారి యార్డులో పడవలు గీస్తూ పైకొచ్చినవాడు. ఆయన గీసిన ఎ స్పెరాంజియెల్లా 1963లో, సర్ఫ్యురీ 1967లో ఆ పందెం గెలిచాయి. హంట్ అంతటి పేరు ఆయనకు మన దగ్గర లేకపోవడం నాకు కొంచెం కష్టంగానే ఉంటుంది.

కొనాలా వద్దా అని అడిగేవాళ్ళకు నేను ముందు ఒకటే అడుగుతాను: మీ పడవ ఎక్కువసేపు వెళ్తుందా, ఆగి ఉంటుందా? వారాంతాల్లో బేలో లంగరేసి, పాటలు పెట్టుకుని, పిల్లల్ని ఈత కొట్టించేవాళ్ళయితే వద్దు, డబ్బుకు డబ్బూ పోయి కడుపులో తిప్పడం మిగులుతుంది. దాటాల్సిన నీళ్ళుంటే మాత్రం వేరే పేరు నేను చెప్పను.

బావ వచ్చే వేసవిలో డాలస్ మారిపోతున్నాడు. సముద్రం లేని ఊళ్ళో సగం పడవ ఏం చేసుకుంటానంటూ తన వాటా అమ్మకానికి పెట్టాడు. ఇద్దరు అడిగారు కూడా. వాళ్ళకు ఇవ్వొద్దని చెప్పాను, నేనే తీసుకుంటున్నాను. ఈ సంగతి అమ్మకు ఇంకా చెప్పలేదు.