గిగాబైట్ బీ450ఎం డీఎస్3హెచ్ మదర్‌బోర్డు: ఫాస్ట్ బూట్ బాగుంది, అల్ట్రా ఫాస్ట్ వద్దు

శ్రీకాకుళంలో అసెంబుల్ చేయించుకున్న పీసీ ఆలస్యంగా ఆన్ అవుతుంటే ముందు టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ ట్యాబ్ చూడండి. ‘లాస్ట్ బయోస్ టైమ్’ (విండోస్ మొదలయ్యేముందు బోర్డు తీసుకునే సమయం) 15 సెకన్లు దాటితేనే ఈ బోర్డు సెట్టింగులు మార్చాలి. తక్కువుంటే ఆలస్యం విండోస్‌దో, పాత హార్డ్ డిస్కుదో.

ఆన్ చేయగానే డిలీట్ కీ నొక్కుతూ బోర్డు సెట్టింగులుండే బయోస్‌లోకి వెళ్లండి. బూట్ ఆర్డర్‌లో విండోస్ బూట్ మేనేజర్‌ను మొదట పెట్టి, ఫాస్ట్ బూట్ ఎనేబుల్ చేయండి. చాలు. అల్ట్రా ఫాస్ట్ పెడితే విండోస్ వచ్చేదాకా కీబోర్డు పనిచేయదు, మళ్లీ బయోస్‌లోకి వెళ్లడమే కష్టం. పెట్టేశారా? షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కండి. ట్రబుల్‌షూట్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ కింద యూఈఎఫ్ఐ సెట్టింగ్స్ ఉంటాయి, అదే బయోస్‌లోకి దారి.

సీఎస్ఎం (పాత పద్ధతిలో బూట్ కానిచ్చే బయోస్ సెట్టింగ్) ఆపేముందు డిస్కు జీపీటీయో (కొత్త పార్టిషన్ పద్ధతి) కాదో చూసుకోవాలి. ఎంబీఆర్ (పాత పద్ధతి) అయితే విండోస్ అసలు రాదు. మార్చిన సెట్టింగులు నిలవకపోతే బోర్డు మీదున్న సీఆర్2032 బ్యాటరీ అయిపోయినట్టే.